నూరీ బిడ్డ తోలు

సుహానా, ఇలా దగ్గరికి రా బిడ్డా. నా మోకాలికి ఆనుకుని కూర్చో. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. మన నూరీ ఎలా చనిపోయిందో నీకు చెప్పాలి.

నూరీ అంటే నా పెనిమిటి, మీ దాదా అమానుల్లా పెంచిన ఆడ ఒంటె. పాన్‌గల్, పెద్దమందడి, వనపర్తి, ఎక్కడ జాతర జరిగినా నడిపించుకుపోయి పిల్లల్ని ఎక్కించి తిప్పేవాడు. కరోనా పోయిన మరుసటి ఏడు అది ఈనింది. పదమూడు నెలలు మోసి కన్న బిడ్డ, నలభై రోజులకే పారుడు రోగంతో పోయింది.

ఒంటె తన బిడ్డ ఎదురుగా లేనిదే పాలు చేపదు, పొదుగులోంచి వదలదు. చేపకపోతే పొదుగు వాచి దాని ప్రాణం మీదికే వస్తుంది. అందుకని మీ దాదా, వాళ్ల నాయన నేర్పినట్టే, ఏడుస్తూ ఏడుస్తూ పిల్ల తోలు తీసి, ఉప్పు రాసి నీడలో ఆరబెట్టాడు. పొద్దునా సాయంత్రం దాన్ని ముందర పెడితే నూరీ వాసన చూసేది, గొంతులోనే సన్నగా మూలిగేది, పాలు దిగేవి.

ఒకరోజు పక్కింటి యాదమ్మ ముక్కు మూసుకుని వచ్చింది.

"ఏంది సుల్తానక్కా, ఈగలకు దావత్ ఇస్తున్నవా? మమ్మల్ని గూడ పిలువకపోతివి!"

నవ్వాను గానీ, లోపల సిగ్గేసింది. మీ దాదా తుమ్మ కొమ్మల కోసం వెళ్లగానే ఆ తోలును కుంకుడు రసంతో రుద్ది రుద్ది కడిగాను. శుభ్రంగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

సాయంత్రం నూరీ తల వంచి వాసన చూసింది. మళ్లీ చూసింది. తోలును దాటుకుని, తాడు తెగేలా లాగుతూ, బాట వైపు చూసి అరవడం మొదలుపెట్టింది.

"ఏం జేసినవ్ సుల్తానా?" అన్నాడు మీ దాదా.

"వాసనొస్తుందని జర కడిగిన."

తిడతాడనుకున్నాను. ఉన్నచోటే చతికిలబడ్డాడు.

"నీకేం తెల్సు? దానికి ఆ వాసనే బిడ్డ. నేనే నీకు చెప్పకపోతి."

తోలుకు నూరీ పాలే పూశాం. పిల్ల పడుకున్న చోటి మట్టి రాశాం. నమ్మలేదు. పిండబోతే తన్నింది. మేత పెడితే మొహం తిప్పుకుంది. పొదుగు రాయిలా అయింది. పశువుల డాక్టరు వచ్చి సూదులు వేశాడు. తొమ్మిదో రోజు తెల్లారేసరికి మెడ చాచి పడి ఉంది.

అడిగినవాళ్లందరికీ మీ దాదా "ఏదో రోగమొచ్చింది" అనేవాడు. తను పోయేదాకా అదే మాట. నా పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఊళ్లో ఇప్పటికీ అదే అనుకుంటారు. నువ్వు మాత్రం గుర్తుపెట్టుకో తల్లీ. రేపు నీ పిల్లలు నూరీ గురించి అడిగితే రోగమని చెప్పకు. మా దాదీ ఆ తోలు కడిగింది అని చెప్పు.