పొద్దున్నే మొరాయించే కారు

కార్లు బాగుచేసే మేస్త్రీకి వినికిడి తగ్గుతోందన్న సంగతి ఆయన కంటే ముందు ఆయన భార్యకే తెలిసింది. పెళ్ళికి ముందు మొదలుపెట్టి రిటైరయ్యేదాకా ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసింది. అవతలివాళ్ళు హలో అనకముందే, ఊపిరిని బట్టి మనిషిని పోల్చుకునేది. పక్క గదిలోంచి తను అడిగినదానికి భర్త బదులు పలకకపోతే మొదట్లో ఆమె పట్టించుకోలేదు. పెళ్ళాం మాట వినపడకపోవడం ఏ మొగుడికి మాత్రం కొత్త? కానీ ఒకరోజు పొయ్యి మీద కుక్కరు ఈల మీద ఈల వేస్తున్నా, పక్కనే పేపరు తిరగేస్తున్న ఆయన తలెత్తలేదు. ఆమె పొయ్యి కట్టేసి ఆయన వంకే చూస్తూ నిలబడింది.

ఆయన మాత్రం ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంటి ముందున్న రేకుల షెడ్డులో ఇంజను పని ఒప్పుకోవడం మానేశాడు. నడుం సహకరించడం లేదని అందరికీ చెప్పేవాడు. బ్రేకులు బిగించడం, ఆయిలు మార్చడం, పంక్చర్లు వెయ్యడం, అంతే. ఒకప్పుడు వీధి మలుపు తిరుగుతున్న కారు చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పిన మనిషి ఆయన. ఆ నడుం నిక్షేపంలా ఉందని భార్యకి తెలుసు. అయినా ఊరుకుంది. వెనకనుంచి ఎవరైనా పలకరిస్తే, ఆ మాటే తను ముందుకొచ్చి మళ్ళీ అనేది. అలా ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఆ గుట్టుని కాపాడుకుంటూ వచ్చారు.

ఒక సాయంత్రం వీధి చివర చెక్కపని చేసే కుర్రాడు కారేసుకొచ్చాడు. వాడి కంటే వయసులో పెద్దదైన కారు. మేనమామ వాడి పెళ్ళికి ఇచ్చాడు.

"బాబాయ్, దీంతో నా ప్రాణాలు పోతున్నాయి. పొద్దున్నే తాళం తిప్పితే ఓ పట్టాన అంటుకోదు. బ్యాటరీ నీరసపడిపోతోంది. ఎలాగో అంటుకుందనుకో, చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. యాక్సిలరేటరు మీంచి కాలు తీశానా, ఆగిపోతుంది. కాస్త దూరం తోలాక మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. రెండు షెడ్లలో చూపించాను. అక్కడికి వెళ్ళేసరికి బాగానే ఉంటుంది కదా! ప్లగ్గులు మార్చి, ఇక పాత ఇనుముకి ఇచ్చెయ్యమన్నారు."

వాడు కారు చుట్టూ తిరుగుతూ మాట్లాడుతుంటే మేస్త్రీకి సగం అందింది, సగం అందలేదు. "ఇంజను పనులు మానేశానబ్బాయ్. నడుం" అన్నాడు.

వాడి మొహం వాడిపోయింది. గుమ్మంలో నిలబడ్డ ఆమె వైపు తిరిగాడు. "పిన్నీ, మా ఆవిడకి నెలలు నిండాయి. ఏ పొద్దున నొప్పులొస్తాయో తెలీదు. అప్పుడిది మొరాయిస్తే నేనేం చెయ్యను?"

"కారు ఇక్కడ పెట్టి వెళ్ళు నాయనా. ఆయన చూస్తారు" అంది ఆమె.

వాడు వీధిలోకి వెళ్ళాక మేస్త్రీ విరుచుకుపడ్డాడు. "ఎవరినడిగి ఒప్పుకున్నావు? చెయ్యనని చెప్పాను కదా!"

ఆమె ఆయన ఎదురుగా వచ్చి, తన పెదాలు కనపడేలా నిలబడింది. "మీ నడుం బానే ఉంది. మీకు వినపడటం లేదు. నాకు తెలుసు."

ఆయన చేతిలోని గుడ్డని మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. "ఎప్పట్నుంచి తెలుసు?"

"మీకంటే ముందు నుంచి."

"మరి చెప్పలేదేం?"

"చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్నెందుకు కొరుకుతున్నావని అడిగాడట. కొరికి ప్రయోజనమేముందని ఊరుకున్నాను."

ఆయనకి కోపం రావలసింది. నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "ఇప్పుడేం చేద్దామంటావు?" అన్నాడు.

"చేతులు మీవి. చెవులు నావి. ఎదురుగా నిలబడి చెప్తాను. పొద్దున్న చూద్దాం."

ఆ జబ్బు ఇంజను చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది కాబట్టి పొద్దుటిదాకా ఆగక తప్పదు. తెల్లారాక ఇద్దరూ షెడ్డులోకి వెళ్ళారు. ఆమె జడని ఆయనే ముడి వేసి పిన్ను పెట్టాడు. "ఇంజను ఫ్యాను దగ్గరికి వంగేటప్పుడు జాగ్రత్త" అన్నాడు. తాళం తిప్పాడు. ఇంజను మూలిగింది, మూలిగింది, చివరికి విసుక్కుంటూ అంటుకుంది. కారంతా గడగడా వణకసాగింది. కాలు తీస్తే ఆగిపోకుండా యాక్సిలరేటరు తీగకి చిన్న చెక్క అడ్డుపెట్టాడు.

ఆయన ఇంజను మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "కుంటుతోంది. నాలుగడుగుల్లో ఒకటి తప్పుతోంది. అవునా?"

ఆమె అవునని ఆయన మణికట్టు మీద తట్టింది.

ఆయన నాలుగు ప్లగ్గుల తీగల్నీ ఒక్కొక్కటే పీకి మళ్ళీ తగిలించాడు. మొదటిది పీకితే ఇంజను ఇంకా కుంగింది. రెండోది, నాలుగోది కూడా అంతే. మూడోది పీకితే మాత్రం ఏ మార్పూ లేదు. పని చెయ్యనివాడు సెలవు పెడితే ఎవరికి నష్టం? "మూడోది సోమరిపోతు" అన్నాడు. కానీ దాని ప్లగ్గుకి నిప్పు బాగానే వస్తోంది. నిప్పు ఉండి కూడా మండటం లేదంటే పెట్రోలో, గాలో సరిగా అందడం లేదన్నమాట. ఆ రెంటినీ కలిపే కార్బురేటర్ విప్పి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ బిగించేసరికి మధ్యాహ్నమైంది.

మర్నాడు పొద్దున మళ్ళీ అదే మూలుగు, అదే వణుకు.

ఇంజను ఆపి ఆయన పాత టైరు మీద కూలబడ్డాడు. "నా పని అయిపోయిందే. చెవులున్నవాడైతే ఈపాటికి చెప్పేసేవాడు. వాడిని పిలిచి కారు తీసుకుపొమ్మను."

ఆమె ఆయన ముందు గొంతుక్కూర్చుంది. "ఒక్క మాట. వణుకు చప్పుడు కింద ఇంకో చప్పుడుంది. అది ఇంజనుకి మామూలేమో అనుకుని చెప్పలేదు. ఎక్స్ఛేంజీలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడోవాళ్ళు లైన్లో దాక్కుని వినేవాళ్ళు కదా, వాళ్ళ ఊపిరి సన్నగా తెలిసేది. అలా ఉంది."

ఆయన చప్పున తలెత్తాడు. "ఊపిరి వదులుతోందా, పీలుస్తోందా?"

"పీలుస్తోంది. పంటి నొప్పివాడు పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చినట్టు."

టైరు మీదనుంచి లేవడానికి ఆయన ఏ నడుమునీ పట్టుకోలేదు. మూలనున్న రబ్బరు గొట్టం ముక్క తెచ్చి ఒక కొస ఆమె చెవి దగ్గర పెట్టాడు. రెండో కొస ఇంజను మీద ఎక్కడెక్కడ తిప్పాలో చూపించి, ఇంజను మళ్ళీ వేశాడు. ఆమె కార్బురేటర్ మొదలు దగ్గర విని తల అడ్డంగా ఊపింది. పైపుల దగ్గర కూడా లేదు. గాలీ పెట్రోలూ కలిసి సిలిండర్లలోకి వెళ్ళే గొట్టాల వెంట మెల్లగా జరిపింది. మొదటిది. రెండోది. మూడో గొట్టం ఇంజనుకి అతుక్కునేచోట ఆమె చెయ్యి ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి.

ఆయన ఆయిలు డబ్బా తీసి సరిగ్గా అక్కడ నాలుగు చుక్కలు వేశాడు. రెండో చెయ్యి ఇంజను మీదే ఉంది.

"ఆ ఊపిరి ఆగిపోయింది!" అని ఆమె అరిచింది. సరిగ్గా అప్పుడే ఆయన అరచేతి కింద ఆ కుంటి నడక సర్దుకుంది. నాలుగడుగులూ సమంగా పడ్డాయి. ఆయిలు లోపలికి గుంజుకుపోయాక మళ్ళీ తడబడింది. ఇంకో నాలుగు చుక్కలు వేస్తే మళ్ళీ కుదురుకుంది.

"అతుకు మధ్య ఉండే గాస్కెట్టు చిట్లింది" అన్నాడు ఆయన. "చల్లగా ఉన్నప్పుడు సందు తెరుచుకుని దొంగగాలి లాగేస్తోంది. పెట్రోలు పల్చబడి మంట అంటుకోవడం లేదు. ఇంజను వేడెక్కితే ఇనుము సాగి ఆ సందు మూసుకుపోతోంది. ఆ షెడ్ల వాళ్ళకి ఎలా దొరుకుతుంది పాపం? వాళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి ఇది బుద్ధిమంతురాలైపోతోంది కదా!"

ఆ కారుకి గాస్కెట్లు బజారులో దొరికే కాలం ఎప్పుడో పోయింది. అట్టలాంటి షీటు మీద ఆమె గీత గీసింది, ఆయన కత్తిరించాడు. ఎదురుబొదురు కూర్చుని కన్నాలు పొడిచారు. అలా ఇద్దరూ కలిసి ఒక పని చేసి ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్నే కుర్రాడు వచ్చాడు. తాళం వాడిచేతే తిప్పించారు. కారు ఒక్కసారికే అంటుకుని, బంగారు తల్లిలా ఉన్నచోటే హాయిగా నడుస్తూ నిలబడింది. వాడు దిగి మేస్త్రీ వెనకనుంచి గబగబా ఏదో అన్నాడు. అలవాటు కొద్దీ ఆమె ముందుకొచ్చింది. మేస్త్రీ ఆమెని చేత్తో ఆపి వాడి వైపు తిరిగాడు.

"అబ్బాయ్, నాకు వినపడదు. ఎదురుగా వచ్చి చెప్పు."

ఆ మాట బయటివాళ్ళతో ఆయన అనడం అదే మొదటిసారి. వాడు కంగారుగా ఎదురుగా వచ్చాడు. "ఏం లేదు బాబాయ్. పుట్టేవాళ్ళని మొదట మీ ఇంటికే తీసుకొస్తానంటున్నాను."

అన్నట్టే చేశాడు. నొప్పులు ఒక వాన పొద్దున వచ్చాయి. కారు పేచీ పెట్టలేదు. ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లని ఒళ్ళో పెట్టుకున్నప్పుడు మేస్త్రీ చాలాసేపు ఎవరికీ ఇవ్వలేదు.

తరవాత అదే కారులో కుర్రాడు మొగుడూ పెళ్ళాలిద్దరినీ చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ మేస్త్రీ చెవికి వినికిడి మిషను పెట్టారు. దగ్గర కూర్చుని మాట్లాడితే వినపడుతుందనీ, పక్క గదిలో మాట మాత్రం అందదనీ డాక్టరు చెప్పాడు.

ఇంటికొచ్చాక ఆమె అడిగింది. "ఇంజను పని పోతుందనేనా అంత కాలం దాచారు?"

"అదొక్కటే కాదు." అన్నాడు ఆయన. "పొద్దున్నే నువ్వు వంటింట్లో నీలో నువ్వు గొణుక్కుంటూ తిరుగుతావు. నేను మంచం మీద పడుకుని అది వినేవాణ్ణి. మాటలు తెలిసేవి కావు, కానీ నువ్వున్నావని తెలిసేది. అది ఆగిపోయింది. ఆ సంగతి నీకు చెప్పాలంటే నోరు రాలేదు."

మర్నాడు పొద్దున ఆమె మంచం పక్కకి కుర్చీ లాక్కుని, కూరగాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఆయన మొహంలోకి చూస్తూ గొణగడం మొదలుపెట్టింది. కత్తికి పదును లేదంది. తడి తువ్వాలు తలుపు మీద వేసే అలవాటు ఈ జన్మకి పోదంది. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పే మనిషిని దేవుడు తన రాతలో రాయలేదంది.

ఆయన మిషను సర్దుకుంటూ చివరిదాకా విన్నాడు.

"ఇన్నేళ్ళూ గొణిగింది నా గురించేనా?" అన్నాడు.

"మరి ఎవరి గురించి అనుకున్నారు?" అంది ఆమె.