లాండ్రీ మేడ మీద కార్యాలయం

తప్పంతా బాయిలరుదేనని పిన్ని ఈరోజుకీ అంటుంది. అది ఆ సమయానికి కూత పెట్టకపోయి ఉంటే ఆట మామూలుగా ముగిసేది, చిన్నది మామూలుగా ఇంటికొచ్చేది, ఇంట్లో ఒక ప్రభుత్వాధికారి కాపురం పెట్టే అవస్థ తప్పేది.

పిన్ని వరసకి ఎవరికీ పిన్ని కాదు. వీధిలో మాత్రం అందరికీ పిన్నే. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తుంటే మొదట్లో మొహం చిట్లించుకునేది, తరవాత ఓపిక చాలక ఊరుకుంది. డిగ్రీ చదువుకుంది, మధ్యాహ్నాలు ఖాళీ, ఎవర్నీ కాదనలేని మనిషి. ఈ మూడూ కనిపెట్టి ఒక సేవాసంస్థ మేడమ్ ఆమెకి ఒక అట్టపెట్టె అంటగట్టి వెళ్ళింది. కుర్రకారుకి ప్రజాస్వామ్యం నేర్పాలట. బడిలోలాగా కాదట. పాఠం చెప్పకూడదు, పరీక్ష పెట్టకూడదు, బోర్డు మీద రాయకూడదు. ఆడించాలి, అంతే. ఆడుతూ ఆడుతూ వాళ్ళే నేర్చుకుంటారని పెట్టె మీద బొమ్మతో సహా అచ్చేసి ఉంది. బొమ్మలో పిల్లలు నవ్వుతున్నారు, వాళ్ళ మధ్య ఉన్న టీచరు కూడా నవ్వుతోంది. ఆవిడ ఇంకా ఆట మొదలుపెట్టలేదన్నమాట అనుకుంది పిన్ని.

చోటు లాండ్రీ మేడ మీద గది. కింద ఇస్త్రీ పెట్టెల ఆవిరి నేల సందుల్లోంచి పైకొచ్చి, అక్కడ కూర్చున్నవాళ్ళందరినీ అప్పుడే ఉతికి ఆరేసినట్టు ఉంచేది. వచ్చేవాళ్ళంతా ఓటు హక్కు వచ్చి ఒకసారైనా వెయ్యని బాపతు. టైర్లకి అతుకులేసే పంక్చర్, కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే అద్దాలమ్మాయి, ఇంకొంతమంది. పిన్ని రెండో కూతురు చిన్నది కూడా వచ్చేది. తల్లి రమ్మంది కాబట్టి.

చిన్నది నోట్లో నాలుక లేని పిల్ల. ఇంటికి చుట్టాలొస్తే వంటింట్లోకి, వంటింట్లోకి వస్తే పెరట్లోకి, అలా వెనక్కి జరుగుతూ పోయేది. పగలు ఒక మందుల షాపులో కూర్చుని, సాయంత్రాలు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. ఆ కోర్సుకే ఇప్పుడు గండం వచ్చిపడింది. వీధి మొదట్లో ఉండే బస్టాపుని ఎవరో, ఎందుకో, గోదాముల అవతలికి మార్చేశారు. రాత్రి బస్సు దిగితే పొడుగాటి గోడ పక్కన, దీపం లేని దారిలో నడిచి రావాలి. వాచీలు బాగుచేసే తండ్రి కొన్నాళ్ళు ఎదురెళ్ళి తీసుకొచ్చాడు. తరవాత ఆయన మోకాళ్ళు మొరాయించాయి. కొత్త టర్ము మొదలయ్యేలోగా స్టాపు వెనక్కొస్తే చదువు, లేకపోతే లేదు, అని చెప్పేశాడు. కోపంగా చెప్పి ఉంటే పిన్ని ఎదురు చెప్పేదే. బాధగా చెప్పాడు.

అందుకే ఆటకి ఏదో ఒక సమస్య ఎంచుకోమంటే కుర్రాళ్ళు బస్టాపునే ఎంచుకున్నారు. వార్డు ఆఫీసులో బహిరంగ సభ పెడతారు, అక్కడికెళ్ళి అడగాలి, అడగడం ముందుగా ఇక్కడ అలవాటు చేసుకోవాలి. పెట్టెలో వేషాల కార్డులున్నాయి, మెళ్ళో వేసుకునే తాడుతో. చీట్లు తీస్తే 'అధికారి' కార్డు చిన్నదానికి పడింది.

పంక్చర్ వినతిపత్రం చదివాడు. బస్టాపు కావాలి, ఇట్లు యువత. చిన్నది ఆ కాగితం వైపు చాలాసేపు చూసింది. పిల్ల బిగుసుకుపోయిందని పిన్నికి జాలేసింది.

"బస్టాపంటే ఏది? స్తంభమా, బల్లా, బస్సు ఆగడమా?" అంది చిన్నది. "మీకేది కావాలో మీకే తెలీకుండా నన్నడిగితే ఎలా? సరిగ్గా రాసుకుని రండి." కాగితాన్ని ఒక్క వేలితో వెనక్కి తోసింది.

ఆ గొంతు ఎవరిదో అర్థంకాక పిన్ని తలుపు వైపు చూసింది. సరిగ్గా అప్పుడే కింద బాయిలరు కూత పెట్టింది. పేలిపోతోందనుకుని అందరూ మెట్ల మీద పడుతూ లేస్తూ వీధిలోకి పరిగెత్తారు. పేలలేదు. కానీ ఆ హడావిడిలో, పెట్టెతో పాటు వచ్చిన ఆట పుస్తకంలో ఆఖరి పేజీ ఎవరూ చదవలేదు. ఆట అయ్యాక కార్డులు తీయించి, ఆట ముగిసిందని ప్రకటించాలనీ, ఇది మరవరాదనీ ఆ పేజీలో లావు అక్షరాల్లో ఉంది.

చిన్నది కార్డు మెళ్ళో ఉండగానే ఇంటికొచ్చింది. అన్నం తింది. కార్డుతోనే పడుకుంది.

మర్నాడు తండ్రి టీ అడిగితే, మీ విన్నపం పరిశీలనలో ఉందని చెప్పింది. ఆయన వాచీ భూతద్దం కంటికి పెట్టుకునే ఉన్నాడేమో, కూతుర్ని దాంతోనే ఎగాదిగా చూశాడు. పిన్ని తల పట్టుకుని పెట్టె దగ్గరికి పరిగెత్తి, ఆఖరి పేజీ చదివి, ఆట ముగిసిందని వంటింట్లోంచే ప్రకటించింది. ముందస్తు నోటీసు లేకుండా ప్రకటనలు చెల్లవంది చిన్నది. పిన్ని కుర్రాళ్ళకి మొర పెట్టుకుంది. వాళ్ళు తలలు దగ్గర పెట్టుకుని, కాస్త ఇబ్బందిపడుతూనే, చీటీతో పద్ధతిగా వచ్చిన పదవిని పద్ధతి లేకుండా తీసెయ్యడం ప్రజాస్వామ్యం కాదు పిన్నీ, మీరే కదా నేర్పారు, అన్నారు. తను నేర్పలేదు, పాఠాలే చెప్పలేదు. వాళ్ళే నేర్చుకున్నారు. పెట్టె మీద ఉన్నట్టే జరిగింది.

అప్పట్నుంచీ మందుల షాపు నుంచి వచ్చి, సాయంత్రం కోర్సుకి వెళ్ళేలోగా చిన్నది లాండ్రీ మేడ మీద కార్యాలయం నడిపేది. కుర్రాళ్ళు వినతిపత్రం తెస్తే తిరగ్గొట్టేది. ఎంతమంది ఎక్కుతారో లేదంది. వాళ్ళు పొద్దున్నే వెళ్ళి లెక్క తెచ్చారు. ఎక్కేవాళ్ళ సంగతి సరే, దిగేవాళ్ళ మాటేమిటంది. పటం అడిగింది. పటంలో గోదాముల గోడ గీసింది సరిపోలేదంది. ఆ గోడ పొడుగు ఎంతో తనకి అందరికంటే బాగా తెలుసు, అయినా అడిగింది. అది తన చదువు కోసం పెట్టుకున్న అర్జీయేనన్న సంగతి ఆ కుర్చీలో ఉన్నంతసేపూ ఆమె మొహంలో మచ్చుకైనా కనిపించేది కాదు. చూసి చూసి పిన్ని ఒకరోజు ఉండబట్టలేక, నీ చదువే కదే, నీకే అడ్డం పడతావేం అంది. వ్యక్తిగత విషయాలు కార్యాలయంలో వద్దంది చిన్నది.

ఇది ఇంతటితో ఆగలేదు. బట్టలివ్వడానికొచ్చిన జనం ఖాళీగా కూర్చోలేక మేడెక్కడం మొదలుపెట్టారు. డ్రైనేజీ, వీధిదీపం, మొరిగే కుక్క. చిన్నది అన్నీ రాసుకుని, అద్దాలమ్మాయి రబ్బరు ముక్క మీద చెక్కిన ముద్ర కొట్టి, రసీదు ఇచ్చేది. 'అభ్యాస శాఖ' అని ఉండేది ముద్రలో. పని ఏదీ అయ్యేది కాదు, అయ్యే దారీ లేదు. అయినా జనం మురిసిపోయారు. అసలు ఆఫీసులో పనీ కాదు, రసీదూ ఇవ్వరు, ఇక్కడ ఒకటైనా ఉంది కదా అన్నాడు లాండ్రీ ఓనరు. ఆయన తన రసీదుకి ఫ్రేము కట్టించి గల్లాపెట్టె పైన తగిలించాడు.

బహిరంగ సభ రానే వచ్చింది. హాలు నిండిపోయింది. వేదిక మీద రవాణా అధికారి ఒక్కడే ఉన్నాడు, జలుబుతో. పక్కన ఇంకో అధికారి రావాల్సింది, రాలేదు. కుర్చీ ఖాళీ. చిన్నది కుర్రాళ్ళతో పాటు లోపలికొచ్చి, అలవాటుగా వేదికెక్కి, ఆ కుర్చీలో కూర్చుంది. పక్కనున్న భర్త లేవబోతే పిన్ని చొక్కా పట్టుకుని లాగింది. ఇంతలో అటెండరు వచ్చి చిన్నదాని ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టి, దాని మీద మూత కూడా పెట్టాడు. అది చూశాక ఇక అడ్డుచెప్పడానికి హాల్లో ఎవరికీ మనసు రాలేదు.

రవాణా అధికారి చేతిరుమాలు చాటు నుంచి అడిగాడు. "మీది ఏ శాఖ?"

"అభ్యాస శాఖ."

"కొత్తదా?"

"కొద్ది నెలలైంది."

"మాకెవరూ ఏదీ చెప్పరండీ," అన్నాడాయన దిగులుగా, కుర్చీ కాస్త పక్కకి జరుపుకుని.

పంక్చర్ బస్టాపు అర్జీ చదివాడు. ఇన్నిసార్లు తిరగ్గొట్టించుకున్న అర్జీ మరి, ఇంకా ఏమైనా అడగాలంటే ఎవరికీ ఏమీ మిగల్లేదు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, గోడ, గోడ పొడుగు, బస్సు మలుపు తిరిగే చోటు, వానొస్తే నీళ్ళు నిలిచే చోటు. రవాణా అధికారి ఆఖరి కాగితం దాకా తిప్పి, కాదనడానికి కారణం దొరక్క, కాస్త కంగారుగా పక్కకి చూశాడు. మీ శాఖ అభిప్రాయమేమిటని అడిగాడు.

"మేం దీన్ని చాలాసార్లు తిరస్కరించాం," అంది చిన్నది. "ఇప్పుడు తిరస్కరించడానికి మా దగ్గర ఏమీ లేదు. కానీ ఇబ్బంది పడుతున్న మనిషి ఎదురుగా వచ్చి చెప్పాలి. కాగితం ఒక్కటీ చాలదు."

ఎవరు రావాలో కుర్రాళ్ళకి తెలుసు. పిన్నికి తెలుసు. అటెండరుకి తెలీదు కాబట్టి తలుపు దగ్గర నిలబడి, బాధితులెవరో రావాలని గట్టిగా పిలిచాడు.

చిన్నది లేచింది. మంచినీళ్ళ మీద మూత సర్ది, మెట్లు దిగి, బల్లకి ఇవతల, తను లేచొచ్చిన ఖాళీ కుర్చీకి ఎదురుగా నిలబడింది. మెళ్ళో కార్డు తీసి చేత్తో పట్టుకుంది. వెనక తలుపు ఎంత దూరముందో ఒకసారి తిరిగి చూసింది. వంటింట్లోంచి పెరట్లోకి జరిగిపోయే పిల్ల వెనక్కొచ్చేసిందని పిన్నికి తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల ఎప్పుడొస్తుందా అని చూసింది, ఇప్పుడు ఈ ఒక్క ఘడియ రాకుండా ఉంటే బాగుండుననుకుంది.

"ఆ గోడ పక్కన నడుస్తుంటే," అని చిన్నది ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. "నా అడుగుల చప్పుడే నా వెనకాల వస్తున్నట్టుంటుంది. ప్రతిరోజూ భయమే. భయం అలవాటైపోయింది. చదువు మానుకోవడం మాత్రం నాకు అలవాటు కాదు. స్టాపు మా వీధిలో పెట్టండి."

అంతే. పుట్టిన తరవాత ఇంతమందిలో, మెళ్ళో కార్డు లేకుండా, ఆమె మాట్లాడింది అదే మొదటిసారి. వాచీల ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, అద్దాలు శుభ్రంగానే ఉన్నా.

రవాణా అధికారి కూడా ముక్కు తుడుచుకుని, ఇది మంజూరు చెయ్యదగ్గదేనని తేల్చాడు. కలం తీశాడు. తీసి ఆగాడు. ఆయన పద్ధతి ప్రకారం వేదిక మీద రెండు శాఖలున్నప్పుడు రెండు సంతకాలు పడాలి. ఖాళీ కుర్చీ వైపు చూశాడు. ఆ అధికారి సంతకం కావాలన్నాడు.

"ఆవిడ నాకు బాగా దగ్గరి బంధువండీ," అంది చిన్నది. "నా అర్జీ మీద ఆవిడ సంతకం పెట్టడం బాగుండదు."

హాల్లో చాలామంది తలలూపారు. నిజమే, బాగుండదు. రవాణా అధికారికి అది ఇంకా బాగా నచ్చింది. కానీ సంతకం లేకుండా తను ఒక్కడే పెడితే రేపు ఎవరైనా అడుగుతారని బెంగ. ఫైలు మూయబోయాడు. వచ్చే సభకి చూద్దామన్నాడు. వచ్చే సభ కొత్త టర్ము మొదలైపోయాక.

అప్పుడు అద్దాలమ్మాయి లేచింది. ఒక శాఖ తప్పుకున్నప్పుడు ఆ సంతకం బదులు సభ చేతులెత్తచ్చు కదా, ఇంతమంది ఎందుకొచ్చారు మరి, అంది. అలాంటి పద్ధతి ఉందా అని ఆయన అడిగాడు. లేదనడానికి ఆధారముందా అని పంక్చర్ తిరిగి అడిగాడు. మేడ మీద తన కూతురు వాళ్ళని అడిగే ప్రశ్నే ఇదని పిన్ని గుర్తుపట్టింది. ఆయన కాసేపు ఆలోచించి, జనం చెప్పారని రాస్తే నా మీదకి రాదుగా అని తనకి తనే సర్దిచెప్పుకుని, సరే ఎత్తమన్నాడు.

చేతులు లేచాయి. లాండ్రీ ఓనరు రెండూ ఎత్తితే ఒకటి దింపించారు. పిన్ని ఎత్తింది. పక్కకి చూసింది. భర్త చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. స్టాపు వస్తే కోర్సు, అని ఆయనే అన్నాడు. కానీ స్టాపు వచ్చినా ఆ పిల్ల రాత్రిపూట ఒంటరిగా దిగాల్సిందే, ఆ సంగతి ఇప్పుడే కొత్తగా తట్టినట్టుంది మొహం చూస్తే. ఆయన బల్ల ముందు నిలబడ్డ కూతురి వీపు చూశాడు. తరవాత, నెమ్మదిగా, మోకాళ్ళ నొప్పి ఉన్నవాడు మెట్టెక్కినట్టు, చెయ్యెత్తాడు.

టర్ముకి ముందే స్తంభం పాతారు. మొదటి బస్సు ఆగకుండా వెళ్ళిపోయింది, డ్రైవరుకి కబురందక. రెండోది ఆగింది.

చిన్నది మర్నాడే కార్యాలయానికి రాజీనామా ఇచ్చింది. బస్సు వేళ కుదరడం లేదని కారణం రాసింది. కుర్రాళ్ళు దాన్ని ఆమోదించడానికి సమావేశం పెట్టి, పదవి ఖాళీగా ఉంచకూడదని ఎన్నిక ప్రకటించారు. పంక్చర్ నిలబడ్డాడు. అతనికి పోటీగా నిలబడింది, పిన్ని తన చెవుల్ని తనే నమ్మలేకపోయింది, వాచీలు బాగుచేసే తన భర్త. వయసు మించిందని కొందరన్నారు. కుర్రకారు ఓటేస్తే చాలు, అభ్యర్థి కుర్రాడై ఉండాలని పెట్టెలో ఎక్కడా లేదని ఆయన పుస్తకమంతా చదివి మరీ వాదించాడు, ఆఖరి పేజీతో సహా.

ఆ రాత్రి ఆయన స్టాపు దగ్గర నిలబడ్డాడు. కూతుర్ని తీసుకెళ్ళడానికి కాదని పిన్నికి గట్టిగా చెప్పి మరీ వెళ్ళాడు. దిగేవాళ్ళకి కరపత్రాలు పంచాలట. వద్దన్నా పిన్నీ వెంట వెళ్ళింది. బస్సు ఆగింది. కళ్ళు నులుముకుంటూ కొందరు దిగారు, వాళ్ళ వెనక చిన్నది దిగింది. ఆయన అందరికీ ఇచ్చినట్టే ఆమెకీ ఒక కరపత్రం ఇచ్చి, అందరికీ పెట్టినట్టే దణ్ణం పెట్టాడు.

చిన్నది దీపం కిందికి జరిగి, కరపత్రం మొత్తం చదివింది. వెనక వైపు కూడా తిప్పి చూసింది.

"ఇందులో ఏం చేస్తారో ఉంది నాన్నా," అంది. "ఎలా చేస్తారో లేదు."

"అది గెలిచాక చూద్దామనుకున్నానమ్మా."

"ఇక్కణ్ణుంచి ఇంటిదాకా దీపాలు?"

"అదీ... కనుక్కుంటాను."

చిన్నది కరపత్రాన్ని మడిచి, ఒక్క వేలితో ఆయన జేబులోకి తోసింది. ముగ్గురూ ఇంటివైపు నడిచారు. ఆయన దారంతా అడుగు వేసిన ప్రతిచోటా ఆగి, ఇక్కడొకటి, అక్కడొకటి అని దీపాలకి చోట్లు గుర్తు పెట్టుకుంటూ నడుస్తున్నాడు. తనకే ఓటేస్తావుగా అని పిన్నినడిగాడు. తనకి అక్కడ ఓటు లేదని, అది కుర్రకారుకేనని పిన్ని గుర్తుచేసింది. ఆయన మొహం చూసి, నవ్వు ఆపుకుంటూ, ఒకవేళ ఉన్నా చెప్పనంది.