రెండో బటను

బక్కోడి కేకకన్నా ముందు మిషను శబ్దం మారింది. రేకు మీద పడితే ప్రెస్సు టంగుమంటుంది. ఈసారి మెత్తగా, తడిగా పడింది. పక్క మిషను మీదున్న వదిన తల తిప్పేసరికి బక్కోడు నిలబడే ఉన్నాడు. ఎడమచెయ్యి మణికట్టు దాకా అచ్చు లోపలే ఉండిపోయింది. రక్తం నూనెలో కలిసి బల్ల అంచు మీదుగా అతని పాదాల మీదికి కారుతోంది. ఆ చెయ్యి తనది కాదేమో అన్నట్టు ఒకసారి లాగి చూశాడు. అప్పుడు అరిచాడు.

మేస్త్రి పరుగున వచ్చాడు. వచ్చినవాడు బక్కోడి మొహం చూడలేదు, చెయ్యి చూడలేదు. ఎడమ బటను మీద బిగించి ఉన్న చెక్క చీలను పీకి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాతే "కరెంటు కట్టెయ్యండ్రా!" అని గావుకేక పెట్టాడు. వదిన ఇదంతా కళ్ళారా చూసింది.

ఆ చీల సంగతి కాస్త చెప్పుకోవాలి. డబ్బాల మూతలు నొక్కే ఆ మిషన్లకి రెండు పక్కలా రెండు బటన్లుంటాయి. రెండు చేతులతో రెండూ నొక్కితే తప్ప పై అచ్చు కిందికి దిగదు. చేతులు రెండూ బటన్ల మీదుంటే కింద నలగడానికి మూడో చెయ్యి ఎవరికీ ఉండదు కదా, అదీ అందులోని తెలివి. సముద్రాల అవతల పెద్ద యూనివర్సిటీలో చదివొచ్చిన చిన్న ఓనరే ఈ మిషన్లు కొనిపించాడు. ఏడాది తిరక్కుండా, ఒక బటనుకి చీల బిగించేస్తే ఎడమచెయ్యి ఖాళీ అవుతుందనీ, ఆ చేత్తో మూతలు లాగేస్తూ పోతే సరుకు ఒకటికి ఒకటిన్నర దిగుతుందనీ లెక్క తేల్చింది కూడా ఆ పెద్ద చదువే. చీలలు చెక్కించే పని మాత్రం మేస్త్రికి అప్పగించాడు. చీల వద్దన్నవాళ్ళకి మర్నాటి నుంచి పని ఉండేది కాదు. కూలి ముక్కల లెక్కన. వెయ్యి మూతలు నొక్కితే ఇద్దరు మనుషులు ఒక పూట తినొచ్చు. రెండో పూట కూడా తినాలంటే చీల ఉండాల్సిందే.

అచ్చు పైకి లేపేసరికి అక్కడ చెయ్యి అనదగ్గది ఏమీ లేదు. ప్యాకింగు గదిలోంచి బక్కోడి పెళ్ళాం పరుగెత్తుకొచ్చింది. మొగుణ్ణి చూసి, మిషన్ను చూసి, నేరుగా మేస్త్రి చొక్కా పట్టుకుంది. "ఏం చేశావురా నా మనిషిని? పొద్దున రెండు చేతుల్తో వచ్చాడురా!" అని అతని మొహమంతా గోళ్ళతో రక్కేసింది. మేస్త్రి ఆమెను జుట్టు పట్టి విదిలించి, చెయ్యి తిరగేసి ఒక్కటిచ్చాడు. రేకుల దొంతర మీద పడి ఆమె పెదవి చీలిపోయింది. షెడ్డులో అంతమంది ఉండీ ఒక్కరూ నోరెత్తలేదు. వదిన కూడా ఎత్తలేదు. ఆ సంగతి తర్వాత ఆమెను దహించింది.

వదిన అని ఆమెను షెడ్డు మొత్తం పిలుస్తుంది. ఆమె మొగుడు అక్కడే అచ్చులు బిగించేవాడు, అందరికీ అన్న. అన్న పోయాడు. వదిన మిగిలింది, కడుపులో ఆకలీ, ఇంట్లో కూతురూ మిగిలారు. మర్నెల నుంచే మిషనెక్కింది.

మధ్యాహ్నం, బక్కోణ్ణి ఆసుపత్రికి చేర్చాక, చిన్న ఓనరు వదినని పిలిపించాడు.

"కూర్చో వదినా."

ఆ గదిలో ఆమెను కూర్చోమన్నది అదే మొదటిసారి. పోయిన వారం ఇదే గదిలో అడ్వాన్సు కోసం చెయ్యి చాచి నిలబడితే, "మీకెందుకు వదినా అంతంత చదువులు, తాహతు చూసుకోవాలి కదా" అన్న మనిషి.

"అమ్మాయి సీటు గురించి ఆలోచించాను. మొదటి ఏడాది ఫీజు నేను కట్టేస్తాను. మిగతాదానికి బ్యాంకు అప్పుకి హామీ సంతకం నాది. సరేనా?"

ఊరికే పెట్టే చెయ్యి కాదది.

"నేనేం చెయ్యాలి బాబూ?"

"రేపు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తాడు. రెండు బటన్లూ నొక్కి పని చేసి చూపించు. ఇక్కడ అందరం ఇలాగే చేస్తాం, ఆ చెక్కముక్క బక్కోడే ఇంటి దగ్గర్నుంచి తెచ్చి దూర్చుకున్నాడు అని చెప్పు. అంతే."

"మరి అతనికి రావాల్సిన పరిహారం..."

"తప్పు వాడిదైతే రాదు." చిన్న ఓనరు గొంతు ఎంతో మెత్తగా ఉంది. "వాడి చెయ్యెటూ పోయింది వదినా. నువ్వు ఇంకోలా చెబితే తిరిగొస్తుందా?"

ఇంటికెళ్ళేసరికి కూతురు ఒక్కగదిలో కిటికీ పక్కన నేల మీద కూర్చుని, ఇరుగుపొరుగు పిల్లలకి లెక్కలు చెబుతోంది. తల్లి మొహం చూసి వాళ్ళని పంపేసింది. కూతురిది లోహాల చదువు. చిన్న ఓనరు చదివొచ్చిన ఆ పెద్ద యూనివర్సిటీలోనే సీటొచ్చిందన్న రోజు ఇద్దరూ నవ్వారు. ఫీజు ఎంతో తెలిసిన రోజు ఇద్దరూ మాట్లాడుకోలేదు. కట్టడానికి రేపు సాయంత్రమే ఆఖరు.

వదిన జరిగిందంతా చెప్పింది, మేస్త్రి జేబులోకి పోయిన చీలతో సహా. చిన్న ఓనరు ఆఖర్న అన్న మాట చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

"ఇక్కడి యూనివర్సిటీలో సీటుంది కదే తల్లీ," అంది వదిన. "ఫీజు కూడా లేదన్నావు."

"మన మేస్త్రిది ఇక్కడి యూనివర్సిటీ చదువేనమ్మా. చీలలు చెక్కించడానికి పనికొచ్చింది."

వదినకి నవ్వొచ్చింది. ఆ పూట నవ్వు రావడమే పాపమనిపించింది.

"అక్కడైతే రెండేళ్ళు," అంది కూతురు, గొంతు పెంచుతూ. "చదువు అవుతూనే ఉద్యోగం. మొదటి జీతంతోనే నిన్ను ఆ మిషను మీంచి దించేస్తాను. ఇక్కడ చదివితే ఎప్పటికి దించుతాను? అప్పటికి నీకు ఎన్ని వేళ్ళు మిగులుతాయి? సాయంత్రం నువ్వు గుమ్మంలోకి రాగానే నేను ముందు నీ మొహం చూడనమ్మా. చేతులు చూస్తాను. నీకు తెలుసా అది?"

వదినకి తెలీదు. చేతులు రెండూ కొంగు చాటుకు లాక్కుంది.

"బక్కోడికి ఇద్దరు పసిపిల్లలున్నారే."

"అతని చెయ్యెటూ పోయిందమ్మా. నువ్వు ఇంకోలా చెబితే తిరిగొస్తుందా?"

మధ్యాహ్నం ఏసీ గదిలో విన్న మాటే తాను కన్న పిల్ల నోట్లోంచి వచ్చింది. ఇంకా సముద్రం దాటలేదు, ఇంకా ఓడో విమానమో ఎక్కలేదు, అప్పుడే. వదిన ఏం చేస్తోందో ఆమెకే తెలీలేదు. లాగిపెట్టి కొట్టింది. కూతురి తల గోడకి తగిలి ధబ్బుమంది. మళ్ళీ కొట్టింది. మూడోసారి లేచిన చేతిని కూతురు పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి తోసేసింది. వదిన నడుము పొయ్యి గట్టుకి తగిలింది. గిన్నెలన్నీ దొర్లి పడ్డాయి. ముక్కులోంచి కారుతున్న రక్తాన్ని మోచేత్తో తుడుచుకుంటూ కూతురు బొంగురుగా అరిచింది.

"కొట్టు! ఇంకా కొట్టు! నీ కోసం కాదూ నేను పోతానన్నది?"

"నన్ను దించుతావు, సరే," అంది వదిన రొప్పుతూ. "అప్పుడు ఆ మిషను మీద ఎవరుంటారే?"

వదిన దొర్లిన గిన్నెలు ఏరుకుంటూ కూర్చుంది. కూతురి చెంప మీద వేళ్ళు తేలాయి, ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా. ఎన్నేళ్ళ తర్వాతో చెయ్యి చేసుకుంది, అదీ ఇందుకా అని తనను తానే తిట్టుకుంది. అంత తిట్టుకున్నా, ఆ పిల్ల అన్నదాంట్లో అబద్ధం ఎక్కడుందో చెప్పమంటే చెప్పలేకపోయింది. వెళ్తే బాగుపడుతుంది. నిజంగానే బాగుపడుతుంది.

పొద్దున్నే మేస్త్రి మిషను మిషను దగ్గరికీ వెళ్ళి చీలలు పీక్కుంటూ పోయాడు. ఎక్కడ పడేస్తే ఎవడి కంటపడతాయో అని అన్నీ ప్యాంటు జేబుల్లో కుక్కుకున్నాడు. జేబులు ఉబ్బిపోయి, నడుస్తుంటే టకటకమంటున్నాయి. బక్కోడి మిషన్ను కిరసనాయిలు పెట్టి కడిగారు. గేటు దగ్గర బక్కోడి పెళ్ళాం లోపలికి రానివ్వమని అరుస్తోంది. వాచ్‌మన్ లాఠీతో ఆమెను వెనక్కి నెడుతున్న చప్పుడు షెడ్డులోకి వినిపిస్తూనే ఉంది.

ఇన్‌స్పెక్టరు నడివయసు మనిషి, జలుబుతో ఉన్నాడు. "ఏదమ్మా, మీరు పని ఎలా చేస్తారో చూపించండి," అన్నాడు చేతిరుమాలులోంచి.

వదిన మిషను ముందు నిలబడింది. చిన్న ఓనరు చిరునవ్వుతో తల ఊపాడు. వదిన కూతుర్ని తలుచుకుంది. చెప్పాల్సిన మాటలు పెదాల మీదే పెట్టుకుంది. నిజమే చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ అబద్ధం చెప్పేద్దామనే వచ్చింది. రేకు అచ్చులో పెట్టింది. కుడిచేత్తో బటను నొక్కింది.

మిషను కదల్లేదు.

ఎందుకు కదల్లేదా అని చూసుకుంటే, ఆమె ఎడమచెయ్యి అచ్చు కింద ఉంది. ఇన్నేళ్ళ అలవాటున తనంతట తానే వెళ్ళి, మూత లాగడానికి సిద్ధంగా అక్కడ వేళ్ళు తెరుచుకుని ఉంది. ఇన్‌స్పెక్టరు చేతిరుమాలు కిందికి దించాడు.

"కంగారు పడుతోంది," అని నవ్వాడు చిన్న ఓనరు. "మళ్ళీ చెయ్యి వదినా. రెండు చేతుల్తో."

వెనక నిలబడ్డ మేస్త్రి ఎవరికీ కనపడకుండా బూటుకాలు ఆమె పాదం మీద వేసి తొక్కాడు. ఎముక నలిగినంత నొప్పి. వదిన అచ్చు కిందున్న తన చేతిని చూసుకుంది. అయిదు వేళ్ళూ ఉన్నాయి. బయట లాఠీ మళ్ళీ ఎవరికో తగిలింది, ఎవరికో ఏమిటి, తెలిసిన మనిషికే.

"నాకు రాదండీ," అంది.

"ఏం రాదమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"రెండు చేతుల్తో చెయ్యడం. ఇక్కడ మాకెవరూ నేర్పలేదు." పాదం మీద బూటు ఇంకా బిగుసుకుంది. ఆమె గొంతు పెంచింది. "మేస్త్రీ, నా చీల ఇటివ్వు. చేసి చూపిస్తాను."

షెడ్డులో మిషన్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. మేస్త్రి చెయ్యి అతనికి తెలీకుండానే జేబు మీదికి పోయింది. చిన్న ఓనరు ఆమె చెవి దగ్గరికి వంగి, పళ్ళ బిగువున అన్నాడు.

"వదినా, సాయంత్రమే ఆఖరు."

"తెలుసు బాబూ." కళ్ళనిండా నీళ్ళు వచ్చేశాయి, తుడుచుకోలేదు. "చీల ఇమ్మనండి."

మేస్త్రి వైపు చెయ్యి చాచి అలాగే నిలబడింది.