గిటారు అంచు

అన్నం కుండలో కొమ్ము ఉడుకుతోంది. మునెమ్మకి ఉన్నది ఆ ఒక్క ఇనప కుండే. పొద్దున అన్నం, మధ్యాహ్నం కొమ్ము, సాయంత్రం మళ్ళీ అన్నం. ఎంత తోమినా మెతుకుల్లో పశువు వాసన పోదు. నిన్న మొగుడు నరసింహులు ఒక ముద్ద తిని కంచం తోసేశాడు. "ఏమ్మే, అన్నం కంపు కొడతా వుండాదే," అన్నాడు. కుండలో కొమ్ము వెయ్యమన్నది తనే అన్న మాట ఆయనకి అప్పుడు గుర్తు రాలేదు.

ఆదివారం కాబట్టి చెరకు తోటలో పని లేదు. నరసింహులు గది ముందు కూర్చుని గాజు పెంకుతో గిటారు వీపు నున్నగా గీకుతున్నాడు. ఓడెక్కి పోవాల్సిన ఇంకో దీవిలో, లంబాసా తోట దొరసాని చేయించుకుంటున్న గిటారు అది. ఇవాళ ఆమె వీళ్ళ తోట ఉన్న నవువాకి వస్తోంది, అంచుకి ఏది కట్టాలో చూసి తేల్చడానికి. పై పలకా పక్క పలకా కలిసే చోట చుట్టూ గాడి తీసి సన్నటి బద్ద పొదగాలి. అది లేకపోతే ఈ దీవుల తేమ పలక అంచుల్లోంచి దూరి, జిగురు వదిలి, గిటారు నోరు తెరుస్తుంది.

నరసింహులు మంచి వడ్రంగి. గిటారు పెట్టె నిలబెట్టాడు, మెడ అతికాడు. అంచు మాత్రం రాదు. అది మునెమ్మ పుట్టింటి పని. చిత్తూరు దగ్గర ఆమె తండ్రి కొమ్ము దువ్వెనలు చేసేవాడు. కొమ్ము ఎంతసేపు ఉడకాలో, తాబేటి చిప్ప ఏ రంగుకి రాగానే నీళ్ళలోంచి తియ్యాలో, ఏడేళ్ళకే ఆమె వేళ్ళకి తెలుసు. కూలీలని ఓడెక్కించే మద్రాసు డిపోలో గుమాస్తా ఏ పని వచ్చునని మగవాళ్ళని అడిగాడు. ఆడవాళ్ళని అడగలేదు, చెరకు అని రాసుకున్నాడు. మూడేళ్ళుగా ఆ చేతులు చెరకు నరుకుతున్నాయి. చీకటి పడకముందు దొరికిన కాస్త వెలుగులో మొగుడి పేరున కుర్చీలకి, పెట్టెలకి కొమ్ము పూలు పొదుగుతున్నాయి. దొరలు మెచ్చుకున్నప్పుడు నరసింహులు తల వంచి నమస్కారం పెడతాడు. ఒకసారి ఆమె ఆ మాట ఎత్తితే నవ్వాడు. "ఆడది చేసిందంటే ఎవురన్నా ముట్టుకుంటారా? నీ చెయ్యి, నా చెయ్యి వేరేనా?" అన్నాడు. నిజమే కాబోలు అనుకుంది. మద్రాసు నుంచి వచ్చే ఓడలో ఆమె జ్వరంతో పడున్నప్పుడు తన వంతు మంచినీళ్ళు ఆమెకి తాగించిన మనిషి. అది తలుచుకున్నప్పుడల్లా నోటి దాకా వచ్చిన మాట మింగేసేది.

బంగళా వంటింట్లో పని చేసే రాజ్ కుమారి చీర ఎత్తిపట్టుకుని బురదలోంచి వచ్చింది. కుండలోకి చూసి ముక్కు మూసుకుంది.

"ఏ బహినీ, మొగుణ్ణి వండుతున్నావా ఏంటి?" అని నవ్వి, గొంతు తగ్గించింది. "తుమ్హార్ మరద్ లంబాసా జాయీ. అకేలే. తెలుసా?"

మొగుడు ఒక్కడే లంబాసా పోతాడు. మునెమ్మ చేతిలో గరిటె ఆగింది.

దొరసాని తన ఇంట్లోకి వాయిద్యాలు బాగుచేసే మనిషి కావాలని అడిగిందట. తోట మారడానికి ఒక్కరికే కాగితం. నరసింహులు పోయిన వారమే ఒప్పుకున్నాడట. "నీకు చెప్పలేదా?" అంది రాజ్ కుమారి. మునెమ్మ మొహం చూసి ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

మునెమ్మ గిర్మిట్, తోటకి రాసిచ్చిన ఐదేళ్ళ కూలి ఒప్పందం, ఇంకా రెండేళ్ళుంది. పోయిన ఏడు నరసింహులు పది రోజులు ఆసుపత్రిలో ఉంటే ఏం జరిగిందో ఆమె మర్చిపోలేదు. కూలీల మీద మేస్త్రీ అయిన సర్దారు ఆమెని అందరికీ దూరంగా, తోట చివరి సాలులో ఒంటరిగా పనికి వేశాడు. పొద్దుగూకితే గుమ్మం దగ్గర నిలబడి, పొయ్యి వెలిగించావా అని అడిగేవాడు. ఆ పది రోజులూ చెరకు కత్తి పక్కనే పెట్టుకుని పడుకుంది. ఇక రెండేళ్ళు. ఈ అంచు తను ఎంత బాగా కడితే ఆయన అంత తొందరగా ఓడెక్కుతాడు.

"నువ్వు లంబాసా పోతావంట గదా," అంది.

గాజు పెంకు ఆగలేదు. "పోయినాక పిలిపించుకుంటా లే. అంతదాకా సర్దుకో. సర్దారుకి కూడా ఒక మాట చెప్తాలే, నిన్ను చూసుకోమని."

ఆమె వంగి పొయ్యిలో కట్టె ఎగదోసింది.

దొరసాని వచ్చింది. పొడుగాటి మనిషి, గౌను అంచు నిండా బురద. కూలీల ఇళ్ళ లైన్లలో మాట్లాడే హిందుస్తానీయే మాట్లాడుతుంది. తన ఇంట్లో రెండు గిటార్లకి అంచు ఊడిపోయిందని, అందుకే చేసే చెయ్యి కళ్ళారా చూడాలని చెప్పింది. తన ఎదురుగా మూడు రకాల బద్దలు పెట్టించుకుంది. నల్ల కొమ్ము, తేనె రంగు తాబేటి చిప్ప, ఎర్ర చెక్క.

"ఏది కడతావు? ఒకటి వంచి చూపించు."

నరసింహులు మెరిసేదాన్ని పట్టుకున్నాడు. "చిప్ప దొరసానీ. ఏమ్మే, కుండ పట్టుకురా." ఇదీ అలవాటే. కుండ పట్టుకొచ్చినట్టు వచ్చి, నీళ్ళు చూసినట్టు వంగి, ఆమె వంచేస్తుంది. ఆయన చివర్లో పట్టుకుంటాడు.

మునెమ్మ కుండ తెచ్చి దించింది. కొమ్ము తీసేసి, రెండడుగులు వెనక్కి వెళ్ళి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన చూశాడు. మళ్ళీ చూశాడు. ఆమె కదల్లేదు. చిప్ప ముక్క నీళ్ళలో పడింది. ఇప్పుడు తియ్యాలి, అని ఆమె వేళ్ళు ఒళ్ళోనే ముడుచుకున్నాయి. ఆయన తియ్యలేదు. తేనె రంగు మసకబారింది. బయటికి తీసి గిటారు నడుము దగ్గర ఒంపులో పెట్టి నొక్కాడు. పుటుక్కున విరిగింది.

"ఇది నీళ్ళు సరిగ్గా కాచలేదు దొరసానీ," అన్నాడు వేలితో ఆమెని చూపిస్తూ. "పొయ్యి ముట్టించడం కూడా రాదు దీనికి."

మునెమ్మ లేచింది. కుండలో నీళ్ళు పారబోసింది. కుండని పొయ్యి మీద పక్కకి దొర్లించి, దాని కడుపు కాలేదాకా ఆగింది. ఎర్ర చెక్క బద్ద తడిపి ఆ గుండ్రం మీద ఆనించింది. చెయ్యి కాలింది, తియ్యలేదు. చుయ్యిమంది, చెక్క వాసన లేచింది, బద్ద మెత్తబడి ఒంగింది. తీసుకొచ్చి గాడిలో పెట్టింది. నడుము ఒంపులో వెంట్రుక పట్టే సందు లేదు.

"చిప్ప ఎందుకు వద్దు?" అని దొరసాని ఈసారి ఆమెనే అడిగింది.

"నేను చిప్ప పని చేసే ఇంట పుట్టాను. దువ్వెనకి అది మంచిది. కొమ్మేమో ఇంకా పచ్చిది, పొరలు లేస్తుంది. చెక్కకి చెక్క కట్టాలి దొరసానీ. వానకి రెండూ కలిసి ఉబ్బుతాయి, ఎండకి రెండూ కలిసి తగ్గుతాయి. లేకపోతే ఒకటి రెండోదాన్ని తోసేస్తుంది."

దొరసాని నరసింహులు వైపు తిరిగింది. "మరి నువ్వు చేసిందేంటి?"

"పెట్టె నాది దొరసానీ. మొత్తం పెట్టె."

"పెట్టె బాగుంది. పెట్టెలు చేసేవాళ్ళు లంబాసాలోనూ ఉన్నారు."

నరసింహులు ఒక అడుగు ముందుకొచ్చాడు. "ఇద్దరం వస్తాం."

"కాగితం ఒక్కరికే. అది నా భర్త చేతిలో పని, నా చేతిలో లేదు."

"అయితే నేనే. ఓడ వచ్చే వారం గదా, ఈ లోపల నేర్చేసుకుంటా." ఆయన మునెమ్మ వైపు తిరిగాడు. తెలుగులోకి దిగాడు, గొంతు మెత్తబడింది. ఓడలో నీళ్ళు తాగించిననాటి గొంతు. "ఏమ్మే, నేర్పిస్తావు గదా? ఒక్క వారం. నీ చెయ్యి, నా చెయ్యి వేరేనా?"

మునెమ్మ కాలిన అరచెయ్యి తిప్పి చూసుకుంది. పొక్కు లేస్తోంది.

"వేరే," అంది. "నేను నేర్పనయ్యా."

తర్వాత దొరసాని వైపు తిరిగి, ఆమెకి అర్థమయ్యే హిందుస్తానీలో, ఒక్కో మాటే విడదీసి చెప్పింది.

"ఓడెక్కేది నేను. నా పేరు మునెమ్మ. రాసుకోండి."