అయిదో కర్ర

ఆపిల్ పళ్ళు దంచే వేళకి వచ్చేస్తానన్నాడు మా ఆయన నోల్బెర్తో. ఫిబ్రవరి ఆఖర్న పడవెక్కుతూ మా చంటిపాప ఐలిన్ బుగ్గ కొరికి మరీ చెప్పాడు. మార్చి మూడో వారం దాటింది. పళ్ళు రాలుతున్నాయి. అతను రాలేదు.

చెట్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. భూమికి ఈ దక్షిణపు కొసన మార్చితో వేసవి అయిపోతుంది; అది వెళ్ళిపోతోందని ముందు ఇంట్లోనే తెలుస్తుంది. పొద్దున్నే కిటికీలో పడే ఎండ మంచం దాకా రావడం మానేసింది. ఉదయం ఆరేసిన బిడ్డ గుడ్డలు సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటున్నాయి. గిన్నెలో వెన్న గట్టిపడింది. సెలవులకొచ్చిన పట్నం వాళ్ళు వెళ్ళిపోయాక రేవు దగ్గర కుక్కలు ఎవరి వెంటపడాలో తెలియక పడుకుంటున్నాయి. కందిరీగలు మాత్రం ఎక్కువయ్యాయి. చలి వస్తోందని వాటికెవరు చెప్తారో గాని, తీపి కనిపిస్తే చాలు వెర్రెత్తినట్టు మూగుతాయి.

నోల్బెర్తో సముద్రంలో దిగి ఆల్చిప్పలు ఏరుకొస్తాడు. ఇక్కడికి దక్షిణాన, ఫోన్లు పలకని చోట, నెలేసి రోజులు పడవలోనే ఉంటారు. నోట్లో గొట్టం పెట్టుకుని అతను దిగితే, పైన చిన్న ఇంజను గాలి కొడుతూ ఉంటుంది. పక్కింటి గస్తోన్ ఆ ఇంజను దగ్గర కూర్చుని, అతని నడుముకి కట్టిన తాడు పట్టుకుంటాడు. పైనుంచి రెండుసార్లు లాగితే బాగున్నావా అని. కిందనుంచి రెండుసార్లు లాగితే బాగున్నానని. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి నేను నిద్రపోతున్న ఐలిన్ ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. బడి ఎనిమిదో తరగతిలోనే మానేశాను గాని లెక్కపెట్టడం మానలేకపోయాను.

రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకి రేడియోలో కబుర్లు చదువుతారు. ఫలానా దీవిలో ఉన్న ఫలానా ఆవిడకి, నీ తమ్ముడు ఆసుపత్రి నుంచి వచ్చేశాడు, రేవుకి గుర్రం పంపు, అని. పదకొండు రోజులుగా అందులో మా పేరు రాలేదు.

"ఆ డబ్బా మొహంలోకి అలా చూస్తే పలుకుతుందా?" అంది మా అత్త ఓతీలియా. "లేవే ఎల్వీరా. పళ్ళన్నీ కుళ్ళిపోయాక వాడొచ్చి ఏం తాగుతాడు?"

ఆ గురువారం పక్కింటి సిరియాకో బాబాయ్, కూతురు యస్నా మాకు సాయం వచ్చారు. గస్తోన్ ఆయన కొడుకే. వాళ్ళకీ కబురు లేదు. ఆయన ఆ మాటెత్తలేదు, మేమూ ఎత్తలేదు.

మా దగ్గర ఇలాంటివన్నీ బదులు పనులు. ఇవాళ వాళ్ళు మా పళ్ళు దంచితే, వాళ్ళు పిలిచిన రోజున మేం వెళ్ళి వాళ్ళ బంగాళదుంపలు తవ్వాలి. చేసిన మనిషే వెళ్ళాలని లేదు. ఇంటికొక మనిషి, ఎవరైనా సరే. రోజు మాత్రం వాళ్ళు చెప్పిందే. బదులు ఎగ్గొట్టిన ఇంటికి చావు జరిగినా ఎవరూ రారు.

పాక మధ్యలో మాను తొలిచిన పెద్ద దోనె ఉంది. దాంట్లో పళ్ళు పోసి, అటు ఇద్దరూ ఇటు ఇద్దరూ నిలబడి పొడుగాటి కర్రలతో ఒకరి తర్వాత ఒకరు దంచుతాం. ఆ పిప్పిని తర్వాత బుట్టలకెత్తి పిండితే వచ్చే రసమే చలికాలమంతా తాగే చిచా. ఎవరి కర్ర వాళ్ళకి ఉంది, గోడకి ఎవరి మేకు వాళ్ళకి ఉంది. నా కర్ర కొంచెం పొట్టి. నోల్బెర్తోది తీసుకుందామని చెయ్యి చాపాను.

"ముట్టుకోకు!" అని అరిచింది అత్త. తర్వాత మెల్లగా చెప్పింది. "మీ మామ ఆలస్యమైన ఏడాది ఆయన కర్ర తీసి వేరేవాడి చేతికిచ్చాను. పని ఆగకూడదని. ఆయన మరి రాలేదు. దాన్ని అక్కడే ఉండనీ. ఇంకో మాట. దంచేటప్పుడు లెక్కపెట్టకు, అమ్మాయ్. నీకా అలవాటుంది, నేను చూస్తూనే ఉన్నా."

సిరియాకో బాబాయ్ ఒక పండు కొరికి మొహం చిట్లించాడు. "ఓతీలియా, నీ పళ్ళు అచ్చం నీలాగే ఉన్నాయే. పైన ముడతలు, లోపల పులుపు."

"గట్టిగా కొరక్కు సిరియాకో. ఉన్న మూడు పళ్ళూ ఊడి దోనెలో పడితే ఏరలేక చావాలి."

యస్నా పగలబడి నవ్వింది. ఐలిన్‌ని ఖాళీ బుట్టలో కూర్చోబెట్టి నేనూ కర్ర అందుకున్నాను. కాసేపటికి దెబ్బలు వరసలో పడ్డాయి. అత్త, సిరియాకో బాబాయ్, నేను, యస్నా. మళ్ళీ అత్త. లెక్కపెట్టకూడదనే అనుకున్నాను. కాని నా పెదాలు నా మాట వినవు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

అయిదు.

తప్పు లెక్కపెట్టాననుకుని మళ్ళీ మొదలుపెట్టాను. యస్నా కర్ర లేచాక, అత్త కర్ర దిగేలోపు, ఇంకో దెబ్బ పడుతోంది. బరువైన దెబ్బ, మగవాడి దెబ్బ. అది పడినప్పుడల్లా నా ఎదురుగా, అత్తకీ సిరియాకో బాబాయ్‌కీ మధ్య ఖాళీలో పళ్ళు నలిగి కిందికి దిగుతున్నాయి. అత్త వంక చూశాను. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని దంచుతోంది. అరగంటో ముప్పావు గంటో అలాగే సాగింది. తర్వాత ఆ దెబ్బ ఆగిపోయింది. మేం నలుగురం ఒక్కసారిగా అలిసిపోయి నిలబడ్డాం.

అప్పుడు చూశాను. నోల్బెర్తో కర్ర మేకుకి ఉన్నది ఉన్నట్టే వేలాడుతోంది. దాని కింది కొస మీద మాత్రం కందిరీగలు మూగి ఉన్నాయి. తోలి చూస్తే కొసంతా తడి పిప్పి.

"నోరు మూసుకో," అంది అత్త, నేను నోరు తెరవక ముందే.

నాకు అర్థమైంది ఒకటే. మనిషి పోయాడు కాబట్టే ఇక్కడికి రాగలిగాడు. ఆ నాలుగు రోజులూ నేనేం తిన్నానో నాకు గుర్తు లేదు. ఐలిన్‌కి పాలు సరిగా పడలేదు.

సోమవారం రేడియోలో మా పేరు వచ్చింది. "ఎల్వీరాకి. గాలివాన వల్ల ఆలస్యం. రేపు వస్తున్నాం. నోల్బెర్తో." అత్త పొయ్యి ముందు కూర్చుండిపోయింది. వేసవంతా చల్లగా పడి ఉన్న ఆ చలి కాచుకునే ఇనుప పొయ్యిని ఆ రోజే మొదటిసారి వెలిగించాం. ఇల్లంతా పాత మసి వాసన.

మంగళవారం మధ్యాహ్నం, ఏడాది మొదటి పెద్ద వానలో పడవ రేవుకొచ్చింది. సన్నబడ్డాడు, గడ్డం పెరిగింది, కాని అతనే. ఐలిన్‌ని ఎత్తుకుంటే అరచేయి దాని ఉన్ని చొక్కాకి గీసుకుని పోగులు లేచాయి. చెయ్యి తిప్పి చూశాను. వేళ్ళ మొదట్లో నాలుగు బొబ్బలు, రెండు చితికి ఉన్నాయి. కర్ర పట్టి దంచితే వచ్చే బొబ్బలు. నా చేతికీ అవే ఉన్నాయి.

అందరం మా ఇంట్లోనే తిన్నాం. గస్తోన్ పళ్ళెంలో చెంచా తిప్పుతున్నాడే గాని తినడం లేదు. చివరికి నా వంక చూడకుండా అన్నాడు.

"వదినా, చెప్పకపోతే నాకు ముద్ద దిగదు. గురువారం నేను ఇంజను దగ్గర కునుకు తీశాను. లేచేసరికి ఇంజను ఆగిపోయి ఉంది. పెట్రోలు అయిపోయింది. ఎంతసేపైందో తెలీదు. ఇంజను ముట్టుకుంటే చల్లగా ఉంది."

సిరియాకో బాబాయ్ కొడుకు వంక చూసిన చూపు నేను చూడలేకపోయాను.

"తాడు రెండుసార్లు లాగాను," అన్నాడు గస్తోన్. "కిందనుంచి రెండు లాగారు. నెమ్మదిగా, తొందరే లేనట్టు. పైకి లాగాం. సంచీ నిండా ఆల్చిప్పలు, చిన్నా పెద్దా వేరుచేసి పేర్చినట్టు. ఈయన ఎప్పుడైనా అలా సర్దాడా?"

"ఇంట్లో మేజోళ్ళే సర్దడు," అన్నాను.

"నీకేం గుర్తుందిరా?" అని అడిగింది అత్త.

నోల్బెర్తో రొట్టె తుంచుతూ ఆగాడు. "గాలి రావడం ఆగింది. తర్వాత ఆపిల్ వాసన. భుజాలు నొప్పి. ఎల్వీరా నా ఎదురుగా నిలబడి పెదాలు కదుపుతోంది, ఏదో లెక్కపెడుతున్నట్టు. అంతే. తర్వాత పడవలో ఉన్నాను."

వాన రేకుల మీద పడుతోంది. అత్త చెంచా కింద పెట్టింది.

"నువ్విక్కడ దంచుతుంటే, అక్కడ నీ బదులు తాడు లాగిందెవర్రా?"

"ఎవరైతేనేం ఓతీలియా," అన్నాడు సిరియాకో బాబాయ్. "పిల్లాడు బతికాడు."

"ఎవరైతేనేం ఏంటయ్యా? అంతసేపు వీడి పని చేసి పెట్టారు. వచ్చి బదులు అడగరూ?"

నోల్బెర్తో నవ్వేశాడు. "అడిగితే వెళ్తాలే అమ్మా."

అతను సరదాకే అన్నాడు. కాని మా దగ్గర నోటితో ఒప్పుకుంటే చాలు, అదే రాసిచ్చినట్టు.

శనివారానికి వాన తెరిపిచ్చింది. ఆలస్యంగా పండే చెట్టు పళ్ళు మిగిలాయి, దంచాలి. గస్తోన్ మొహం చెల్లక రాలేదు. అత్త, సిరియాకో బాబాయ్, నేను, యస్నా, నోల్బెర్తో. అయిదుగురం. మేకులన్నీ ఖాళీ. రెండు చలి రాత్రులకే కందిరీగలు చచ్చి గుమ్మం దగ్గర రాలి ఉన్నాయి. ఐలిన్ బుట్టలో కూర్చుని ఒక పండుని రెండు చేతులా పట్టుకుని చీకుతోంది.

ఈసారి అత్త వద్దనలేదు. నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఊపిరి వదిలాను. రెండో వరసా అయిదే. మూడో వరసా అయిదే.

నాలుగో వరసలో ఆరు.

అది నోల్బెర్తో దెబ్బలా లేదు. మెత్తగా, తడిగా, నీళ్ళలో పడ్డట్టు ఉంది. తొందరే లేదు.

"ఆపండి!" అంది అత్త. "కర్రలు కింద పెట్టండి. అందరూ! వాళ్ళని ఇంకా చేయనిస్తే మన బాకీ పెరుగుతుంది. వెనక్కి రండి!"

అయిదు కర్రలూ నేల మీద పడ్డాయి. పాకలో ఒక్క చప్పుడు లేదు. దోనె మధ్యలో పళ్ళు ఒక్కసారి కిందికి దిగాయి. రసం ఎగిరి ఐలిన్ మొహం మీద పడింది. అది కిలకిల నవ్వి రెండు చేతులూ పైకి చాపింది. ఎత్తుకోమని అడిగేటప్పుడు చాపినట్టు. నావైపు కాదు. దోనె అవతల, ఎవరూ లేని వైపు.

నేనెప్పుడు దాన్ని లాక్కుని గుండెకి అదుముకున్నానో తెలీదు. నోల్బెర్తో ముందుకు వచ్చి ఏదో అనబోయాడు. నేను అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. అతను ఇంకోసారి ఒప్పుకుంటే ఇక తిప్పలేను.

"వినండి," అన్నాను ఆ ఖాళీ వైపు. పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడాను, ఇంకెలా మాట్లాడాలో నాకు తెలీదు. "మీరెవరో నాకు తెలీదు. మా మనిషి బదులు మీరు చేశారు. మేం ఎగ్గొట్టే వాళ్ళం కాదు. కాని ఇంటికొక మనిషి, ఎవరైనా సరే అన్నది కదా పద్ధతి. నేనొస్తాను. ఈయన రాడు. బిడ్డ రాదు. నాకు పాలు తాగే పిల్ల ఉంది, రోజంతా రాలేను. కొంచెం కొంచెంగా తీరుస్తాను. రోజు మీరే చెప్పండి."

దోనెలో పళ్ళు కదల్లేదు. చాలాసేపటికి సిరియాకో బాబాయ్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ పళ్ళు ఎవరూ పిండలేదు. పందులకి వేశాం. అవీ సగం వదిలేశాయి.

ఇప్పుడు ఏప్రిల్ ఆఖరు. ఏటా చలికాలం ముందు చేసినట్టే గడియారాలు గంట వెనక్కి తిప్పేశాం. అయిదున్నరకే దీపం వెలిగిస్తున్నాం. చెట్లు బోసిపోయాయి. నోల్బెర్తో కట్టెలు కొట్టి గోడ వెంట పేరుస్తున్నాడు. మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళే మాట ఇంకా ఎత్తలేదు.

మధ్యాహ్నం రేడియో కబుర్లు అయ్యాక ఐలిన్‌ని పక్కలో వేసుకుని కాసేపు కునుకు తీస్తాను. లేచేసరికి భుజాలు లాగేస్తుంటాయి. వేళ్ళ చివర్లు చాలాసేపు నీళ్ళలో నానినట్టు ముడతలు పడి, తెల్లగా ఉంటాయి. గోళ్ళ కింద సన్నటి ఇసుక. మొదటిసారి అత్త నా చేతులు చూసి వేడినీళ్ళ గిన్నె తెచ్చి ముందు పెట్టింది. ఐలిన్ అలవాటుగా నా వేలు నోట్లో పెట్టుకుని, మొహం వికారంగా పెట్టి ఉమ్మేస్తుంది. ఉప్పు.

ఇంజను ఎంతసేపు ఆగిందో గస్తోన్‌కి తెలీదు. అందుకని బాకీ ఇంకా ఎంత మిగిలిందో నేను లెక్కపెట్టలేను. పుట్టి బుద్ధెరిగాక నేను లెక్కపెట్టలేనిది ఇదొక్కటే.

నోల్బెర్తో ఆ వేళకి కట్టెల పని ఆపి వచ్చి, మంచం పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంటాడు. నేను నిద్రలోకి జారాక రెండుసార్లు నొక్కుతాడట. కాసేపటికి నా చెయ్యి తిరిగి రెండుసార్లు నొక్కుతుందట, నెమ్మదిగా, తొందరే లేనట్టు. ఆ మాట అతనే చెప్పాడు. నాకేమీ గుర్తుండదు. ఆ నొక్కింది నువ్వేనా అని అతను అడగడు. కాదని నేనూ చెప్పను.