పక్క గుండె

టైలరు మాస్టారు పొద్దున్నే షాపు షట్టరు ఎత్తగానే ముందు కత్తెర తీస్తాడు. పిడికి చుట్టిన గుడ్డపేలిక సరిచేసి, కటింగ్ బల్ల మీద మొన గోడవైపు ఉండేలా పెడతాడు. ఆ తర్వాతే గిరాకీ అయినా, దేవుడైనా. ఆ కత్తెరతో ఎవరైనా కాగితం కత్తిరిస్తే ఆ మనిషితో ఏడాది మాట్లాడడు. సొంత కూతురితోనే అలా మాట్లాడకుండా ఉన్నాడు, అప్పుడది బడికెళ్ళే పిల్ల. బట్ట కొలతలోనైనా రవ్వంత తేడా రావచ్చేమో గానీ, పగ పట్టడంలో మాస్టారు కొలత తప్పడని వీధిలో అనుకుంటారు.

కిందటి చలికాలంలో బల్ల దగ్గరే కళ్ళు తిరిగి కూలబడ్డాక, ఆ కూతురే ఒక స్మార్ట్‌వాచీ తెచ్చి ఆయన చేతికి కట్టింది. "నీ గుండె ఎలా కొట్టుకుంటోందో ఇది చూస్తూ ఉంటుంది నాన్నా. తేడా వస్తే నాకు ఫోనొస్తుంది. తీశావంటే ఊరుకోను" అంది. టైము చెప్పడానికి గోడ గడియారం ఉండగా, తన లోపలి సంగతులు ఊళ్ళో వాళ్ళకి మోసే గడియారం ఇంకోటెందుకని ఆయన కొన్నాళ్ళు గొణిగాడు. తర్వాత అది బనీను తొడుక్కున్నంత మామూలైపోయింది. ఒకసారి చార్జింగు పెడితే మూడు రోజులు దాని జోలికి వెళ్ళక్కర్లేదు.

ఒకనాడు వాచీ ఏదో అడిగింది. ఆయనకి అంకెలు బాగా వచ్చు, అక్షరాలే కూడబలుక్కోవాలి. కూతురికి ఫోన్ చేశాడు.

"అప్‌డేట్ నాన్నా. సరే అని నొక్కెయ్."

"దేనికి సరే?"

"అన్నిటికీ."

"గుడ్డ చూడకుండా సరే అనే అలవాటు నాకు లేదు."

"నేను ఆఫీసులో ఉన్నాను నాన్నా."

నొక్కాడు. వాచీ నల్లబడి, చాలాసేపు ఏదో గిరగిరా తిప్పుకుని, మళ్ళీ వెలిగింది. మర్నాటి నుంచి భోజనం డబ్బా విప్పే వేళకే చార్జింగు అయిపోవడం మొదలైంది.

వీధంతా అదే గోల. వాచీ ఉన్న ప్రతివాళ్ళకీ తమ గుండె కింద ఇంకొకళ్ళ గుండె వచ్చి పడింది. "నాకు మా అత్తగారిది పడింది మాస్టారూ" అన్నాడు పక్క సెలూన్ ఆయన, గిరాకీ గడ్డానికి నురగ పూస్తూ. "ఆవిడది గుండె కాదు, గుర్రం. ఇంకా రెండు గడ్డాలు కూడా కాకుండానే నా వాచీ చస్తోంది." టీ కొట్టావిడకి చిన్నప్పుడు తప్పిపోయిన స్నేహితురాలిది పడింది. ఎక్కడున్నా బతికే ఉందని ఆ పూట అందరికీ టీ ఊరికే పోసింది.

మాస్టారు తన వాచీ చూసుకున్నాడు. తన అంకె కింద ఇంకో అంకె ఉంది. దాని మీద వేలు పెడితే చర్మానికి తెలిసేలా కొట్టుకుంటోంది. మూడు గబగబా, ఒక ఆపు, మళ్ళీ మూడు.

ఆయనకి ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. కాలి మిషను అలా తొక్కేవాడు లోకంలో ఒక్కడే. మూడు తొక్కులు తొక్కి, గుడ్డ సర్దుకోవడానికి ఒక్క క్షణం ఆగేవాడు. బావమరిది.

మాస్టారు గీసి కత్తిరిస్తే బావమరిది కుట్టేవాడు. ఒకళ్ళ పనిలో ఒకళ్ళు వేలు పెట్టింది లేదు. మీసం రాని వయసులో వచ్చినవాడు మీసం నెరిసేదాకా ఆ మూల కిటికీ కిందే కూర్చున్నాడు. అలాంటివాడు, పెద్ద రోడ్డు మీద రెడీమేడ్ షాపు తెరవగానే, అక్కడ ప్యాంట్లు పొట్టి చేసే పనికి కుదిరాడు. "మనకి పని తగ్గిపోయింది బావా. ఒక బల్ల దగ్గర ఇద్దరం కూర్చుని ఈగలు తోలడమెందుకు, ఉన్నది నువ్వు చూసుకో" అన్నాడు. మాస్టారికి వినపడింది వేరు. మనిషిని ముట్టుకోకుండా కుట్టిన బట్టలకి కాళ్ళు నరికే పనికి పోతున్నాడు, అదీ నెల జీతానికీ, వీపున్న కుర్చీకీ. "దిగావా, ఈ గుమ్మం మళ్ళీ ఎక్కకు" అన్నాడు. అతను ఎక్కలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య ఆయన చెయ్యి లాక్కుని వాచీని చెవికి ఆనించుకుంది. "మా తమ్ముడే. చంకనేసుకు తిరిగాను, నాకు తెలీదూ" అంది. ఆ రోజు నుంచి దీపాలు పెట్టే వేళకి పక్కన కూర్చుని ఆయన మణికట్టు పట్టుకునేది. పెళ్ళైన కొత్తలో తప్ప ఆవిడ అలా పట్టుకున్నది లేదు. రెండు రోజులు ఆయన లోపల్లోపల మురిశాడు. మూడో రోజు అర్థమైంది, ఆవిడ పట్టుకుంటున్నది తన చెయ్యి కాదు. అక్కడ ఒళ్ళు మండింది.

వాచీలు బాగుచేసే అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు.

"పక్క గుండె అని కొత్తగా పెట్టారండీ" అందా అమ్మాయి. "మీ చార్జింగు అదే తింటోంది."

"తిని ఏం చేస్తుంది?"

"అవతలివాళ్ళకి పోతుంది. వాళ్ళ గుండెకి కాస్త ఆసరా. మీ వాచీ బతికి ఉన్నంతసేపే అనుకోండి."

"ఆపెయ్యొచ్చా?"

"ఆపడం మీ చేతిలో పనే. మళ్ళీ పెట్టాలంటే మాత్రం మీరే అవతలి మనిషి దగ్గరికి వెళ్ళి అడగాలి, వాళ్ళు ఒప్పుకోవాలి. అత్తగార్లవి ఆపించుకున్నవాళ్ళు కొందరు మళ్ళీ వచ్చి నా ప్రాణం తీస్తున్నారు. ఆలోచించుకోండి."

"నెల జీతం తీసుకునేవాడికి నా ఆసరా ఎందుకు? ఆపు."

ఆ అమ్మాయి ఆపింది. కింద అంకె పోయింది. సాయంత్రం భార్య మణికట్టు పట్టుకుని, కాసేపు చూసి, ఖాళీ గిన్నె కింద పెట్టినట్టు పెట్టేసి వంటింట్లోకి వెళ్ళింది. అక్కడి నుంచే అంది:

"బావమరిది బతక కోరతాడని సామెత. బావ ఏం కోరతాడో ఎవరూ చెప్పలేదు."



వాచీకి చార్జింగు మళ్ళీ మూడు రోజులొచ్చింది. పని మాత్రం పాడైంది. సుద్దతో గీత గీస్తూ గీస్తూ వేలు వాచీ అద్దం మీదికి పోయేది. అక్కడ తన గుండె ఒక్కటే, తూచినట్టు కొట్టుకుంటూ ఉండేది. ఒకరోజు చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించాడు. పుట్టి బుద్ధెరిగాక అలాంటి పని చెయ్యలేదు. ఆ ముక్కలు ఎవరి కంటా పడకుండా మడిచి బల్ల కింద తోశాడు. 'వెళ్ళినవాడు వాడు. నేను పంపలేదు' అనుకున్నాడు. అనుకున్న ప్రతిసారీ ఆ మాట కాస్త పొట్టయ్యేది, ఉతికిన కొద్దీ ముడుచుకుపోయే బట్టలాగా.

ఒంట్లో మాత్రం భేషుగ్గా ఉంది. కళ్ళు తిరగడం లేదు. బట్టల తాను భుజాన వేసుకుని అటక నిచ్చెన ఎక్కేస్తున్నాడు. "నా గుండె ఇప్పుడు బండరాయి" అని సెలూన్ ఆయనతో గొప్పలు పోయాడు.

"అది మంచి మాటేనా మాస్టారూ?" అన్నాడతను.

ఒక మధ్యాహ్నం భార్య షాపుకే వచ్చింది. ఎప్పుడూ రాదు. తమ్ముణ్ణి చూసి వస్తున్నానంది. బల్లకి అటువైపు నిలబడింది, కూర్చోలేదు.

"బస్సు దిగి, దారిలో రెండు చోట్ల కూలబడితే గానీ షాపు చేరట్లేదు. బుగ్గలు లోపలికి పోయాయి. పైగా మిషను పక్కనే చార్జరు పెట్టుకుని వాచీకి అస్తమానం మేత పెడుతున్నాడు. కరెంటు తినేస్తున్నాడని మేనేజరు తిడుతున్నాడు. ఇలా అయితే మానిపించేస్తాడట."

"అంత మేత ఎందుకు? వాడికెవరిది పడింది?"

ఆవిడ ఆయన కేసి చూసింది. "ఇన్నాళ్ళూ ఆ నిచ్చెన ఎవరి గుండెతో ఎక్కుతున్నారనుకున్నారు?"

మాస్టారి చేతిలో సుద్ద విరిగింది.

"ఆపెయ్యరా, ఆయన నీది ఆపేశారు కదా అన్నాను. 'బావకి అసలే కళ్ళు తిరుగుతాయక్కా' అన్నాడు."

మాస్టారు కత్తెర అలాగే బల్ల మధ్యలో వదిలేసి బయల్దేరాడు. షట్టరు దించడం కూడా ఆవిడే చూసుకోవలసి వచ్చింది. బస్సు కోసం ఆగలేదు. నడుస్తున్నంతసేపూ తన కాళ్ళు ఎంత తేలిగ్గా పడుతున్నాయో తెలుస్తూనే ఉంది. ఒక్కో అడుగూ ఎవరి కంచంలోంచో లాక్కుని తింటున్నట్టుంది. నెమ్మదిగా నడుద్దామని చూశాడు, సాధ్యం కాలేదు.

రెడీమేడ్ షాపులో మెట్ల కింద సందులో మిషను వేశారు. ఫ్యాను ఉంది, తిరగడం లేదు. వీపున్న కుర్చీకి వీపు ఎప్పుడో విరిగింది. బావమరిది తల ఎత్తకుండానే అన్నాడు:

"అలా పరిగెత్తుకు రాకూడదు బావా. సిగ్నలు దగ్గర్నుంచే నీ గుండె ఎగిరెగిరి పడుతోంది. కూర్చో."

తను లేచి గోడ పట్టుకున్నాడు. మాస్టారు కూర్చోలేదు.  చెయ్యి చాపి వాచీ చూపించాడు.

"దీన్లో మళ్ళీ పెట్టాలంటే నువ్వు ఒప్పుకోవాలట."

"ఏది పెట్టాలంటే?"

"నీది."

"ఎప్పుడు ఆపావేంటి?"

"మొన్న."

ఆ అబద్ధం ఎంత పొడుగో బావమరిది బుగ్గల మీద కనిపిస్తూనే ఉంది. అతను ఒక క్షణం ఆగాడు.

"ఆఁ, మొన్నే అయ్యుంటుంది. నాకూ మొన్నట్నించే కాస్త నీరసం" అన్నాడు.

ఇద్దరూ కూడబలుక్కుని వాచీలో నొక్కవలసింది నొక్కారు. అడుగుతున్నట్టు మాస్టారి వాచీ మోగింది. అవతలి చేతికి ఆ అడగడం చేరేలోపే బావమరిది వాచీ అద్దం నల్లబడిపోయింది. చార్జింగు అయిపోయింది.

మాస్టారికి వెంటనే తెలిసింది. నడుం కింద ఎవరో కుర్చీ లాగేసినట్టయింది. మెట్ల కింద గోడలు ఒక పక్కకి ఒరిగాయి. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"చార్జరేది?"

"ఉంది. ప్లగ్గే ఖాళీ లేదు. అది మిషనుది. వాచీకి వాడొద్దని మేనేజరు పొద్దున్నే గట్టిగా చెప్పాడు. ఈ ప్యాంట్లు సాయంత్రానికి ఇవ్వాలి బావా."

మాస్టారు వంగి మిషను ప్లగ్గు పీకేశాడు. అక్కడ చార్జరు పెట్టి బావమరిది వాచీ తగిలించాడు. మిషను లైటు ఆరిపోవడం చూసి మేనేజరు వచ్చాడు, మెడలో టేపు వేసుకుని. కొలత తియ్యడం రానివాడి మెడలో ఆ టేపు చూస్తే మామూలప్పుడు మాస్టారు ఊరుకునేవాడు కాదు.

"ఎవరండీ మీరు? మిషను ఆపితే ప్యాంట్లు ఎవరు కుడతారు?"

"నేను."

"దేంతో?"

"సూదితో. మిషను పుట్టకముందు జనం దిసమొలతో తిరిగారనుకున్నావా?"

మేనేజరు ఏదో అనబోయి, ముసలాయన మొహం రంగు చూసి, సాయంత్రానికి రాకపోతే ఇద్దరి సంగతీ చూస్తానని వెళ్ళిపోయాడు.

మాస్టారు విరిగిన కుర్చీలో కూర్చుని ఒక ప్యాంటు ఒళ్ళోకి లాక్కున్నాడు. "సూదిలో దారం ఎక్కించియ్యరా. నాకు ఆనదు."

బావమరిది సూది అందుకున్నాడు. దారం మూడుసార్లు పక్కకి పోయింది, నాలుగోసారి ఎక్కింది. మాస్టారు కాలి అంచు మడిచి కుట్టడం మొదలుపెట్టాడు. పైకి కనబడని సన్నటి కుట్టు, పెద్దింటి పెళ్ళికొడుకుల సూట్లకి తప్ప ఎవరికీ వెయ్యనిది. గుడ్డ నాసిరకం. దారం అంతకంటే నాసి. చెమట కళ్ళలోకి కారుతుంటే తుడుచుకుంటూ కుట్టాడు. మధ్యలో కళ్ళు బైర్లు కమ్మితే ఆగి, అవి తేరుకున్నాక అక్కణ్ణించే మళ్ళీ ఎత్తుకున్నాడు.

"బావా, పడిపోతావు. ఇంక వదిలెయ్."

"నోరు మూసుకుని కూర్చో."

"ఎక్కడ కూర్చోను? కుర్చీలో నువ్వున్నావు."

"నేల మీద కూర్చో. మీ అక్క నిన్ను నేల మీదే పెంచింది."

బావమరిది నవ్వబోతే దగ్గొచ్చింది. గోడకి జారబడి కూర్చున్నాడు. కుట్టిన ప్యాంటు ఒక్కొక్కటే అతను మడత పెడుతూ ఉన్నాడు. కుట్టేది మాస్టారూ మడత పెట్టేది అతనూ కావడం ఇద్దరికీ కొత్తే. 

దొంతరలో ఆఖరి ప్యాంటు సగంలో ఉండగా బావమరిది వాచీ వెలిగింది. అద్దం మీద ప్రశ్న వచ్చి నిలబడింది. బావమరిది వేలు ఎత్తి, నొక్కకుండా ఆపాడు.

"నీకు మిగులుతుందా బావా?"

"గుడ్డ నాది, కత్తిరించేది నేను. ఎంత మిగులుతుందో నాకు తెలీదా? నొక్కు."

నొక్కాడు. మాస్టారి మణికట్టు మీద మూడు గబగబా తగిలాయి. ఒక ఆపు.  మళ్ళీ మూడు. గోడకి జారబడ్డ మనిషి చెంపల్లోకి కాస్త రంగు వచ్చింది. గోడ పట్టుకోకుండా లేచి, బావ చేతిలోంచి ప్యాంటు తీసుకుని మిగిలిన సగం తను కుట్టాడు.

మేనేజరు వచ్చి అంచులు తిప్పి తిప్పి చూశాడు. కుట్టు ఎక్కడుందో దొరకలేదు. "రేపూ వస్తారా?" అని అడిగాడు. చార్జరు సంగతి ఎత్తలేదు.

"ఈ గుడ్డకా?" అన్నాడు మాస్టారు. రానని మాత్రం అనలేదు.

ఇంటికి వెళ్తూ ఆయన దారిలో రెండు చోట్ల కూర్చున్నాడు. మూసిన కొట్టు అరుగు మీద ఒకసారి, బస్టాపులో ఒకసారి. చెప్పవలసిన మాట అక్కడ చెప్పకుండా 'మొన్న' అని వచ్చేశాడు. ఏరకుండా బట్టలో వదిలేసిన గుండుసూదిలాగా అది కదిలినప్పుడల్లా గుచ్చుతోంది. బస్సులు వచ్చి పోతున్నాయి. వాచీలో చార్జింగు అంకె దిగుతోంది, ఒక్కొక్కటే, ఆగకుండా. చాలా రోజుల ఆకలి మీద ఉన్నవాడు తింటుంటే ఎదురుగా కూర్చుని చూసినట్టు, మాట్లాడించకుండా, ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నాడు.