నిన్నటి చట్నీ, మాట్లాడే కెమెరా

రాయదుర్గం మెట్రో పక్క సందులో పుల్లయ్యకు టిఫిన్ సెంటర్ ఉంది. ప్రొద్దుటూరు నుంచి వచ్చి పెట్టాడు. ఎదురు టవర్లలో పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు పొద్దున్నే నిలబడి తినిపోతారు. వాళ్లు పక్కకొట్టుకు పోకుండా ఉచితంగా వైఫై పెట్టించి, పాస్‌వర్డు గోడ మీద పెయింటుతో రాయించాడు. వంటమాస్టరు నూనె ఎత్తుకుపోతున్నాడేమోనని కౌంటరు పైన కెమెరా కూడా బిగించాడు. దానికి మైకు, స్పీకరు ఉన్నాయి. ఇంట్లో కూర్చుని ఫోన్లోంచే మాస్టరును తిట్టొచ్చని అమ్మినవాడు చెబితే, ఆ ఒక్క సుఖం కోసమే కొన్నాడు.

ఒక సోమవారం జనం కిటకిటలాడుతుండగా కెమెరా తనంతట తాను మాట్లాడింది.

"ఆ కొబ్బరి చట్నీ తినకండి. అది నిన్నటిది."

నోటిదాకా వెళ్లిన ఇడ్లీ ముక్కలు అక్కడే ఆగాయి. అందరూ తలలెత్తి చూశారు.

"ఎవుర్రా అది?" అన్నాడు పుల్లయ్య గరిటె పట్టుకుని.

"సాంబారులో ఇందాకే చెంబెడు నీళ్లు పోశారు. నేను చూశానండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఒకమ్మాయి ప్లేటు పక్కన పెట్టేసింది. పుల్లయ్య స్టూలెక్కి కెమెరాకు తన భుజం మీది తువ్వాలు చుట్టాడు. తువ్వాల్లోంచి అదే గొంతు మర్యాదగా అంది: "ఇది కూడా ఉతికి చాలా రోజులైనట్టుందండి."

తీగ పీకేశాడు. కానీ నూనె డబ్బా మీద బెంగతో మర్నాడే మళ్లీ తగిలించాడు. "నమస్కారమండి. ఇవాళా అదే చట్నీ," అంది కెమెరా. తినడానికి కాక వినడానికి జనం రావడం మొదలైంది. కొందరు రీల్స్ తీసుకున్నారు. పుల్లయ్యకు అన్నం సయించలేదు.

పోలీస్ స్టేషనుకు వెళ్లాడు. కానిస్టేబుల్ లింగమూర్తి శ్రద్ధగా విన్నాడు.

"కెమెరాలకెళ్లి ఏమన్నడు? ఉన్నదున్నట్టు చెప్పు, గట్లనే రాస్త."

"చట్నీ నిన్నటిదన్న్యాడు సార్."

"నిన్నటిదేనా?"

పుల్లయ్య ఫ్యాను వంక చూశాడు.

"అబద్ధమైతే నీ కేసు ఇంక గట్టిగైతది. నిజమైతే నువ్వు సంతకం పెట్టిన కాయితంల గదే ఉంటది. ఎవలన్న సదువుతరు. జర సోచాయించుకో."

పుల్లయ్య సోచాయించుకుని, దణ్ణం పెట్టి ఇంటికొచ్చేశాడు.

మర్నాడు అతని భార్య నాగమణి తనే కొట్టుకు వచ్చింది. రోజూ అక్కడ తినే రసజ్ఞ అనే అమ్మాయిని కెమెరాకు వినబడకుండా వెనక వంటగదిలో కూర్చోబెట్టి సంగతంతా చెప్పింది. కంపెనీల నెట్‌వర్కుల్లోకి దొంగలు దూరకుండా కాపలా కాయడమే ఆ అమ్మాయి ఉద్యోగం. రసజ్ఞ పుల్లయ్య ఫోను తీసుకుని కాసేపు చూసింది.

"అంకుల్, కెమెరా పాస్‌వర్డు ఏంటండి?"

"దాంతోనే వచ్చిందిమా. అడ్మిన్, ఒకటి రెండు మూడు. మారిస్తే మర్చిపోతావని బిగించినోడు వద్దన్న్యాడు."

"వైఫై పాస్‌వర్డు గోడ మీద. అదే వైఫైకి కెమెరా, బిల్లుల కంప్యూటరు. వీధి తలుపు తీసిపెట్టి, తాళంచెవి బీరువాకే వేలాడదీశారండి. ఇంక దొంగ కష్టపడాల్సింది ఏముంది?"

"వాడు ఏ దేశంలో ఉండాడో పాపా," అంది నాగమణి.

"దేశం దాకా ఎందుకు ఆంటీ. బయటి నుంచి రావాలంటే అంకుల్ ఫోన్లోని కెమెరా ఖాతాలోంచి రావాలి. అది ఎవరూ ముట్టుకోలేదు. మీ వైఫైలోంచే వస్తున్నాడు. మీ వైఫై మెట్రో పిల్లరు దాటదు. పాస్‌వర్డు మార్చేయమంటారా?"

"ఉండు, ఒక్క నిమిసం." నాగమణి ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చి కెమెరా ముందు నిలబడింది. "నాయనా, చట్నీ సంగతి సరే. ఇడ్లీ ఎట్లుంది?"

కెమెరా వెంటనే అందుకుంది. "ఇడ్లీ బానే ఉంటుందండి. పిండి కొంచెం పులుస్తోంది."

"నువ్వు మాట్లాడిస్తా ఉండు పాపా," అని రసజ్ఞ చెవిలో చెప్పి నాగమణి బయటికి నడిచింది. రసజ్ఞ వడ గురించి అడిగింది, దోసె గురించి అడిగింది. అడిగేవాళ్లు దొరికిన ఆనందంలో కెమెరా వివరంగా జవాబులు చెప్పింది. బయట పిల్లరు పక్కన స్కూటరు మీద ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. హెల్మెట్‌లోకి ఫోను దోపుకుని దోసెలో నూనె గురించి ఉపన్యసిస్తున్నాడు. నాగమణి హెల్మెట్ మీద వేలి కణుపులతో టకటకా కొట్టింది.

"అమ్మో," అంది లోపల కెమెరా.

వాడి పేరు శ్యామ్. ఎదురు టవర్లో టెస్టింగ్ ఇంజినీరు. నాగమణి వాడి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

"కంప్లైంట్ ఇవ్వకండి ఆంటీ. ఉద్యోగం పోతుంది."

"పోయే పనే చేశావు," అంది రసజ్ఞ. "ఒకరి కెమెరాలోకి దూరడం నేరం. కబుర్లు చెప్పినంత మాత్రాన సరదా అయిపోదు."

"ఎందుకు చేసినావు నాయనా?" అడిగింది నాగమణి.

"పోయిన నెల ఇక్కడ చట్నీ తిని, ఆఫీసులో పెద్ద మీటింగు మధ్యలో మాటిమాటికీ లేచి పరిగెత్తానండి. వచ్చి అంకుల్‌తో చెబితే, నీ పొట్టలో సాఫ్ట్‌వేరు బాలేదని అందరి ముందూ నవ్వించారు."

నాగమణి మొగుడి వైపు తిరిగింది. "అంటివా?"

"యాపారంలో వంద అంటాంలే మే."

ముందు ఎవరిని తిట్టాలో ఆమెకు తేలలేదు. అందుకని ఇద్దరినీ కలిపి తిట్టింది. తర్వాత వాళ్లిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, తింటున్నవాళ్లందరికీ క్షమాపణ చెప్పించింది. శ్యామ్ చేతులు జోడించి చెప్పాడు. పుల్లయ్య ఆ మాటేదో గోడకు చెప్పాడు.

రసజ్ఞ ఆ పూటే గోడ మీద సున్నం కొట్టించింది. వచ్చేపోయేవాళ్లకు వేరే వైఫై, కెమెరాకూ కంప్యూటరుకూ వేరేది పెట్టింది. కొన్ననాటి నుంచి పట్టించుకోని అప్‌డేట్లు చేసింది. కొత్త పాస్‌వర్డుకు పుల్లయ్య భార్య పేరు చెప్పాడు, వద్దంది. బండి నంబరు చెప్పాడు, అదీ వద్దంది. ఎవరూ ఊహించలేని పొడుగాటి వాక్యం కావాలంది. నాగమణి ఫోను లాక్కుని గబగబా ఏదో కొట్టింది.

"ఏం పెడితివి?"

"నిన్ను గురించే. నీకు చెప్పను."

కెమెరా నోరు మూసుకున్నాక కొన్నాళ్లు జనం తగ్గారు. నాగమణి కౌంటరులో కూర్చుని, చట్నీ పూటపూటకూ రుబ్బే పని మొగుడికి అప్పజెప్పింది. అతను సణిగాడు, రుబ్బాడు. మెల్లగా మళ్లీ ప్లేట్లు నిండాయి.

ఒకరోజు శ్యామ్ వచ్చి వరుసలో చివర నిలబడ్డాడు. పుల్లయ్య వాడి ముఖం చూడకుండా ఇడ్లీ వేసి, పక్కన చట్నీ పోశాడు. వాడు తినేదాకా అక్కడే నిలబడ్డాడు.

"ఎట్లుంది?"

శ్యామ్ అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి చెప్పాడు.

"ఉప్పు కొంచెం తక్కువండి."